గజపతి జిల్లా నర్సులకు ఒక పెద్దక్క తోడు: ఆరు నెలల మార్గదర్శక కార్యక్రమం ఎలా ఉంది?

ఒడిశాలోని గజపతి జిల్లాలో పనిచేసే నర్సుల కోసం మా వృత్తి సంఘం స్థానిక శాఖ మొదలుపెట్టిన మార్గదర్శక కార్యక్రమంలో నేను మొదటి జట్టులోనే చేరి, ఆరు నెలలూ పూర్తి చేశాను. సంఘం పేరు గానీ, ఆసుపత్రి పేరు గానీ ఇక్కడ రాయడం లేదు. మెచ్చుకోవలసిన వాటితో పాటు తప్పుపట్టవలసినవి కూడా కొన్ని ఉన్నాయి, పైగా ఆ తప్పులతో సంబంధమున్న వాళ్లతోనే నేను రేపు డ్యూటీ చేయాలి. అయినా రాస్తున్నది ఎందుకంటే, పాతపట్నం, టెక్కలి, శ్రీకాకుళం వైపు జి.ఎన్.ఎం. నర్సింగ్ డిప్లొమా చదివి, జిల్లా కేంద్రమైన పర్లాకిమిడి చుట్టుపక్కల ఉద్యోగానికి వచ్చిన తెలుగు అమ్మాయిలు, సభ్యత్వ రుసుము కాకుండా మరో మూడు వందలు కట్టి ఇందులో చేరడం దండగా, కాదా అని నన్ను తరచుగా అడుగుతున్నారు.

కార్యక్రమం స్వరూపం సులువుగానే అర్థమవుతుంది. పదిహేనేళ్లకు పైగా సర్వీసున్న ఒక సీనియరుకు ఇద్దరు జూనియర్లను అప్పగిస్తారు. నెలకొకసారి సంఘం గదిలో సమావేశం ఉంటుంది, నెలలో ఒక షిఫ్టు ఆ సీనియరు మన వార్డుకు వచ్చి పక్కన నిలబడతారు, మిగిలిన రోజుల్లో ఫోను చేసుకోవచ్చు. చివర ఒక ప్రశంసాపత్రం ఇస్తారు. కరపత్రంలో దీన్ని ‘నాయకత్వ వికాసం’ అని రాశారు గానీ, ఆ మాటకు అర్థమేమిటో కరపత్రంలో ఎక్కడా లేదు. ఎవరికి ఏ సీనియరు దొరికితే ఆమె చెప్పిందే అర్థం.

ఆ విషయంలో నేను అదృష్టవంతురాలిని. నాకు దొరికిన సీనియరును అందరూ ఒడియాలో ‘అపా’ అంటారు, నేను ‘అక్కా’ అంటాను. మొదటి రోజు ఆమె నా ఆశయాలేమిటని అడగలేదు. లేబర్ రూములో నేను నింపిన పాత కేసు షీట్లు తీయించి, వాటిలోని పార్టోగ్రాఫులను ఒకదాని పక్కన ఒకటి టేబుల్ మీద పరిచారు. తెలియని వారి కోసం చెప్పాలంటే, అది నొప్పులు పడుతున్న తల్లి పరిస్థితిని గంటగంటకూ గుర్తించే పటం. గర్భాశయ ముఖద్వారం నాలుగు సెంటీమీటర్లు తెరుచుకున్నప్పటి నుంచి మొదలుపెట్టి, బిడ్డ గుండె చప్పుడు అరగంటకొకసారి రాస్తూ, తెరుచుకోవడం గంటకు ఒక సెంటీమీటరు కంటే వెనుకబడి గీత అలర్ట్ రేఖను దాటితే జాగ్రత్తపడాలి, అక్కడి నుంచి నాలుగు గంటల దూరంలో ఉండే యాక్షన్ రేఖ దాకా పోతే డాక్టరు ఏదో ఒక నిర్ణయం తీసుకోవలసిందే. నా పటాలన్నిటిలోనూ గీతలు అలర్ట్ రేఖ మీదుగా తిన్నగా సాగిపోయాయి. ఒకే పెన్ను, ఒకే రాత, ఒక్క కొట్టివేత లేదు.

“ఇవి కాన్పు అయిపోయాక కూర్చుని వేసినవి కదమ్మా” అన్నారు అక్క.

కాదనలేకపోయాను. రాత్రి ఒక్కదాన్నే ఉంటానని, ఒకేసారి ముగ్గురు తల్లులు నొప్పుల మీద ఉంటే అరగంటకొకసారి ముగ్గురి దగ్గరా గుండె చప్పుడు విని రాయడం కుదరదని చెప్పాను. నన్ను తిడతారనుకున్నాను. ఆమె షీట్లు పక్కన పెట్టి, గోడ మీదున్న డ్యూటీ రోస్టరు తెమ్మన్నారు.

“రాత్రికి ఇద్దరిని వేయమని ఎప్పుడైనా రాసిచ్చావా?”

“ఇన్‌చార్జి సిస్టరుకు నోటితో చెప్పాను అక్కా, రెండుసార్లు.”

“నోటిమాట ఫైల్లో ఉండదు కదా తల్లీ.”

నా లెక్కలో ఈ కార్యక్రమం ఆ పూటే మొదలైంది. అంతకుముందు ఉపన్యాసాల్లో నాయకత్వం అంటే ఏమిటో చాలాసార్లు విన్నాను, ఒక్కటీ గుర్తులేదు. దరఖాస్తు ఎలా రాయాలో మాత్రం బాగా గుర్తుంది, ఎందుకంటే దాన్ని నాలుగుసార్లు తిరగరాయించారు. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగానికి ఏడో తరగతి స్థాయి ఒడియా పరీక్ష ప్యాసు కావాలి, అది ప్యాసయ్యాను కనుక అక్షరాలు వచ్చు, సంతలో బేరమాడడమూ వచ్చు. కానీ ఆఫీసు ఒడియా వేరే సంగతి. ఇంగ్లీషులో రాసిస్తానంటే అక్క ఒప్పుకోలేదు. పై అధికారి గుమాస్తా ఒడియా కాగితాన్ని ముందు చదువుతాడని, ఇంగ్లీషు కాగితం కట్టలో అడుక్కి పోతుందని ఆమె అనుభవం. మొదటి చిత్తుప్రతిలో ‘సబినయ నిబేదన’ దగ్గర బ బదులు నాకు అలవాటైన వ రాశాను. ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, “ఇక్కడే తెలిసిపోతుంది నువ్వు వంశధార అవతలి దానివని” అని నవ్వారు. రెండో ప్రతిలో ఫిర్యాదులు ఎక్కువున్నాయని, మూడో ప్రతిలో అంకెలు లేవని తిప్పికొట్టారు. చివరికి మూడు నెలల రాత్రి కాన్పుల సంఖ్య, ఆ రాత్రుల్లో డ్యూటీలో ఉన్న నర్సుల సంఖ్య రెండు నిలువు వరుసల్లో వేసి, కింద ఒక్క వాక్యం రాశాను.

ఆ కాగితం పట్టుకుని పై అధికారి గదికి వెళ్లినప్పుడు ఆమె నాతో వచ్చారు, కానీ తలుపు దగ్గరే ఆగిపోయారు. లోపల మాట్లాడింది నేనే. మధ్యలో తడబడి రెండుసార్లు వెనక్కి తిరిగి చూస్తే, ఆమె వరండాలో తులసి కుండీ వైపు చూస్తున్నారు. ఫలితం పూర్తిగా రాలేదు. వారానికి మూడు రాత్రులు రెండో నర్సును వేస్తున్నారు, మిగిలిన నాలుగు రాత్రులు పాత కథే. అయితే ఆ మూడు రాత్రుల పార్టోగ్రాఫుల్లో ఇప్పుడు కొట్టివేతలున్నాయి, రెండు మూడు రకాల సిరాలున్నాయి.

రెండో పెద్ద లాభం ఫోను మాట్లాడడం. నవ్వకండి. రాత్రి రెండు గంటలకు డాక్టరుకు ఫోను చేసి “సార్, పేషెంటు బాగాలేదు, రండి” అనడం, అటునుంచి విసుగ్గా “ఏమైంది?” అనడం, అప్పుడు మనం కేసు షీటు వెతుక్కోవడం మనందరికీ తెలిసిందే. రోగి పరిస్థితిని డాక్టరుకు ఒక వరుసలో చెప్పే ఎస్‌బార్ పద్ధతి గురించి శిక్షణల్లో వినే ఉంటారు. అక్క దాన్ని నాలుగు ప్రశ్నలుగా చేసి నా డైరీ అట్ట వెనుక రాయించారు: ఇప్పుడేమైంది, అంతకుముందేముంది, నాకేమనిపిస్తోంది, మీరేం చేయాలి. మూడో ప్రశ్న దగ్గర నేను ఆగిపోయేదాన్ని. నర్సుకు అనిపించేదేమిటి, అది డాక్టరు చెప్పాలి కదా అని పదేళ్ల క్రితమే ఎవరో నా తలలో నాటేశారు. గుమ్మ వైపు నుంచి వచ్చిన ఒక తొలిచూలు తల్లికి బీపీ 160/110 ఉండి, తలనొప్పి, కళ్లు మసకలు కమ్మడం మొదలైన రాత్రి, నేను మొదటిసారి ఆ మూడో వాక్యం పలికాను: “ఇది గుర్రపువాతంలోకి పోతుందనిపిస్తోంది సార్, మెగ్నీషియం సల్ఫేటు సిద్ధంగా పెట్టాను.” గుర్రపువాతం అంటే బీపీ పెరిగి తల్లికి ఫిట్స్ రావడం, మెగ్నీషియం సల్ఫేటు దాన్ని ఆపే మందు. ఆయన మారుమాట లేకుండా బయలుదేరారు. ఆమెను స్థిమితపరిచి 108లో బరంపురంలోని ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రికి పంపాము.

మరుసటి వారం అక్కకు ఇదంతా గొప్పగా చెప్పాను. ఆమె మెచ్చుకుని వెంటనే అడిగారు: “తలనొప్పి ఉందని నీకెలా తెలిసింది?” ఆ తల్లీ, ఆమె వెంట వచ్చిన అత్తా సవర తప్ప మరో భాష మాట్లాడరు, చెప్పింది మా ఊడ్చే ఆయమ్మ. “ఆయమ్మకు సెలవైతే?” అన్నారు. గిడుగు రామమూర్తి పంతులు గారు ఇదే పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, ఆ భాషకు నిఘంటువు కూర్చిన సంగతి మాకు పాఠంలో ఉంది. ఏటా ఆగస్టు 29న దండ వేస్తాం. లేబర్ రూములో పనిచేసే తెలుగు నర్సుకు మాత్రం నొప్పి, రక్తం, తల, కళ్లు అనే నాలుగు మాటలు సవరలో రావు. అప్పటి నుంచి ఆయమ్మ దగ్గర కూర్చుని ఒక పుస్తకంలో రాసుకుంటున్నాను. ఇప్పటికి నలభై మాటలయ్యాయి, ఉచ్చారణ విని ఆమె ఇంకా నవ్వుతూనే ఉంది.

కొత్తవారికి వెంటనే పనికొచ్చేది మరొకటుంది, దాన్ని త్వరగా చెప్పి ముందుకు పోతాను. ఆంధ్రలో రిజిస్ట్రేషను ఉన్నవారు ఒడిశాలో పనిచేయాలంటే ఇక్కడి కౌన్సిలులో మళ్లీ నమోదు కావాలి, అందుకు అక్కడి కౌన్సిలు నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకోవాలి, భారత నర్సింగ్ కౌన్సిల్ వారి జాతీయ నర్సుల రిజిస్టరులో గుర్తింపు సంఖ్య ఉండాలి. ఏ కాగితం తర్వాత ఏ కాగితమో సంఘం వారు ఒక పేజీలో తయారుచేసి ఇచ్చారు. ఆ ఒక్క పేజీ కోసమే మూడు వందలు కట్టవచ్చు.

ఇక లోపాలు. సమావేశం ప్రతి నెలా రెండో శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు పెడతారు. సాయంత్రం షిఫ్టు రెండింటికి మొదలవుతుందని నర్సుల సంఘానికే తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? ఫలితంగా వచ్చేది ఎప్పుడూ అదే పదిమంది, వారిలో ఎక్కువమంది జనరల్ డ్యూటీ వారు. కాంట్రాక్టు నర్సులకు ఆ పూట సెలవు దొరకదు, ప్రైవేటు నర్సింగ్ హోముల్లో పనిచేసే పిల్లలకు సభ్యత్వమే ఇవ్వలేదు. నాయకత్వం నేర్పవలసినది ముందు వీళ్లకే కదా అని నేను రెండు సమావేశాల్లో అడిగాను, రెండుసార్లూ మినిట్స్‌లో ‘చర్చించబడినది’ అని రాశారు.

సీనియర్లను ఎంచడంలో కొలబద్ద సర్వీసు సంవత్సరాలు మాత్రమే. నాతో చేరిన స్నేహితురాలికి దొరికిన సీనియరు ఆరు నెలల పాటు ఆమె చేత తన వార్డు స్టాకు రిజిస్టర్లు కాపీ చేయించుకున్నారు; వార్డుకు వచ్చి పక్కన నిలబడవలసిన షిఫ్టులో ఒక్కసారి కూడా రాలేదు. సీనియరును మార్చమని ఎవరినడగాలో కార్యక్రమంలో లేదు. అడిగితే సీనియరు మనసు నొచ్చుకుంటుందని ఆ అమ్మాయీ అడగలేదు. చివరి రోజున ఇద్దరికీ ఒకే ప్రశంసాపత్రం ఇచ్చారు.

ఆ ప్రశంసాపత్రం సంగతీ చెప్పాలి. రిజిస్ట్రేషను రెన్యువలుకు ఐదేళ్లలో 150 గంటల నిరంతర విద్య ఉండాలన్నది భారత నర్సింగ్ కౌన్సిల్ నియమం. ఈ ఆరు నెలలు ఆ లెక్కలోకి వస్తాయని చేరేటప్పుడు నోటిమాటగా చెప్పారు. గంటలు లెక్కకు రావాలంటే రాష్ట్ర కౌన్సిలు ముందుగా ఆమోదించి ఉండాలి, ఆ దరఖాస్తు ఎవరూ పెట్టలేదని చివర్లో తేలింది. నోటిమాట ఫైల్లో ఉండదని మాకు నేర్పినవారే ఈ పని చేశారు, కాబట్టి కొంచెం కోపంగానే ఉంది.

ముగింపు సభలో ఎవరు ఎక్కడ ఉండాలన్నదానికి మాత్రం మూలం చాలా పాతది. మన దేశంలో నర్సుల వృత్తి సంఘం 1905లో లక్నోలో పుట్టినప్పుడు అది నర్సింగ్ సూపరింటెండెంట్ల సంఘం; మామూలు నర్సులకు చోటిచ్చే శిక్షిత నర్సుల సంఘం దాని వెంటే వచ్చింది, రెండూ ఒక్కటైంది 1922లో, విద్యార్థి నర్సులకంటూ ఒక విభాగం ఏర్పడింది 1929లో. మా ముగింపు సభలో కుర్చీలు వేసిన వరుస కూడా అదే: ముందు సూపరింటెండెంట్లు, తర్వాత ఇన్‌చార్జిలు, గోడ వెంట నిలబడి మేము. స్లైడ్లన్నీ ఇంగ్లీషులో. సభకు ఒడియా, తెలుగు, సవర మాట్లాడేవారు వచ్చారు, ఇంగ్లీషు మాట్లాడేవారు ఒక్కరూ రాలేదు. మా అక్కకు శాలువా కప్పలేదు, ఆమె కమిటీలో లేరు గనుక. ఆమె గోడ దగ్గరికి వచ్చి మా పక్కన నిలబడ్డారు.

ఐదింటికి ఎన్నిస్తావంటే, నా సీనియరుకు ఐదు, కార్యక్రమానికి మూడు. చేరదలచుకున్నవారు మూడు వందలు కట్టే ముందు తమకు ఏ సీనియరును ఇస్తారో అడిగి తెలుసుకోవాలి, వార్డుకు వచ్చే తేదీలు కాగితం మీద రాయించుకోవాలి, గంటల లెక్క మీద ఆశ పెట్టుకోకూడదు. లేబర్ రూములో, అత్యవసర విభాగంలో పనిచేసేవారికి ఎక్కువ ఉపయోగం; ఓపీలో ఉన్నవారికి అంతగా ఉండకపోవచ్చు.

రెండో జట్టుకు దరఖాస్తులు తీసుకుంటున్నారు, నన్ను ఈసారి సీనియరుకు సహాయంగా ఉండమన్నారు. ఫారాలు పంచే పని నాదే. అందులో ‘తెలిసిన భాషలు’ అనే చోట ఒడియా, హిందీ, ఇంగ్లీషు అని అచ్చువేసి మూడు గళ్లు ఇచ్చారు. మళ్లీ అచ్చువేయించడానికి డబ్బు లేదన్నారు కనుక, ప్రతి ఫారంలోనూ స్కేలు పెట్టి మరో రెండు గళ్లు గీసి, తెలుగు, సవర అని చేత్తో రాసి ఇస్తున్నాను.