జామైన టాయిలెట్: ప్లంజరా, స్ప్రింగా, యాసిడా... ఏది మేలు?

టాయిలెట్ జామ్ అయిందనగానే చాలా ఇళ్లలో ముందు బయటికొచ్చేది యాసిడ్ సీసా. పోసి రాత్రంతా ఉంచుతారు. పొద్దున చూస్తే నీళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. అప్పుడు ప్లంబర్‌కి ఫోన్ చేస్తారు. నిజానికి ఈ రెండింటికీ మధ్య హార్డ్‌వేర్ షాపులో దొరికే మంచి సాధనాలున్నాయి. వాటిలో ఏది తీసుకోవాలన్నది లోపల అడ్డుపడ్డ వస్తువును బట్టి ఉంటుంది. ముందుకి తోస్తే పోయేదా, వెనక్కి లాగాల్సిందా, కరిగేదా? యాసిడ్ పనికొచ్చేది ఈ చివరి రకానికే. టాయిలెట్‌లో ఆ రకం అరుదు.

ఏ సాధనం పట్టుకున్నా ముందు నీళ్లు ఆపాలి. ఫ్లష్ ట్యాంక్ కింద గోడకుండే యాంగిల్ కాక్‌ని కుడివైపుకి తిప్పి కట్టేయండి. "ఇంకోసారి ఫ్లష్ చేసి చూద్దాం" అనే ప్రయత్నం వల్లే బాత్రూమ్ నేలంతా పాడవుతుంది. ట్యాంక్ నిండి ఉంటే ఇంకో 6 లీటర్లు వచ్చి పడతాయి, అవి పోవడానికి దారి లేదు.

జామ్ ఎక్కడుందో చూశారా?

ఇండిపెండెంట్ ఇల్లయితే బాత్రూమ్ గోడ బయట ఉండే చాంబర్ మూత గునపంతో లేపి చూడండి. తీసిన వెంటనే మొహం పెట్టకుండా రెండు నిమిషాలు పక్కకి నిలబడండి. చాంబర్ ఖాళీగా ఉంటే అడ్డు కమోడ్‌కీ చాంబర్‌కీ మధ్యలో ఉంది, అది మీ చేతిలో పనే. చాంబర్ అంచుదాకా నిండి ఉంటే కమోడ్ తప్పేమీ లేదు. సెప్టిక్ ట్యాంకో, వీధి డ్రైనేజీయో, వాటికి వెళ్లే పైపో మూసుకుపోయింది. అలాంటప్పుడు ప్లంజర్‌తో (కర్ర చివర రబ్బరు కప్పు ఉండే సాధనం) ఎంత కొట్టినా చేతులు నొప్పి తప్ప ఫలితం ఉండదు.

అపార్ట్‌మెంట్‌లో చాంబర్ చూడటం కుదరకపోతే నహానీ ట్రాప్‌ని, అంటే బాత్రూమ్ నేలమీది నీళ్లు పోయే జాలీని చూడండి. కమోడ్‌లో నీళ్లు పోసినప్పుడు నేలమీది జాలీలోంచి బుడగలో, మురుగో పైకొస్తే, లేదా ఇంట్లో రెండు టాయిలెట్లూ ఒకేసారి ఆగితే, అడ్డు మెయిన్ లైన్‌లో ఉన్నట్టు. కింది అంతస్తు వాళ్లకీ అదే సమస్య ఉంటే అది అసోసియేషన్ చూడాల్సిన పని, మీ జేబులోంచి పెట్టక్కర్లేదు.

ఒక్క టాయిలెటే ఆగిందనుకుందాం. వెస్టర్న్ కమోడ్ అయితే అడ్డు దాదాపు ఎప్పుడూ కమోడ్ లోపలి వంపులోనే ఉంటుంది. ఆ వంపు గిన్నె వెనకాల పైకి లేచి, మళ్లీ కిందికి దిగుతుంది. లోపలి వెడల్పు చాలావాటిలో 50 మిల్లీమీటర్ల దరిదాపు, దాని తర్వాత వచ్చే పైపు మాత్రం 100 మిల్లీమీటర్లు. ఆ ఇరుకు దాటిందంటే ఇక ఆగేది తక్కువ. ఇండియన్ బేసిన్‌కి కింద విడిగా ట్రాప్ (నీళ్లు నిలిచే వంపు గొట్టం) ఉంటుంది, అది విశాలం. అందుకే అది తక్కువసార్లు జామ్ అవుతుంది. అయినప్పుడు మాత్రం అడ్డు కాస్త దూరంగా, పైపు మలుపులో ఉండే అవకాశం ఎక్కువ.

ప్లంజర్: మొదటి ప్రయత్నం దీనితోనే

మలం, టిష్యూ పేపర్ లాంటి మెత్తని అడ్డుకి దీన్ని మించింది లేదు. పనిచేయలేదని చెప్పేవాళ్లలో చాలామంది కొన్నది సింక్‌కి వాడే ప్లంజర్. దాని అడుగు బల్లపరుపుగా ఉంటుంది. కమోడ్ రంధ్రం కోలగా ఉండటంతో పక్కలనుంచి గాలి పోతుంది, ఒత్తిడి అడ్డుదాకా చేరదు. కమోడ్‌కి కావాల్సింది కప్పు లోపలినుంచి ఇంకో రబ్బరు గొట్టం కిందికి దిగి ఉండే రకం. ఆ గొట్టం రంధ్రంలో కూర్చుంటుంది. ఇండియన్ బేసిన్‌కయితే వెడల్పాటి మామూలు కప్పు కూడా సరిపోతుంది, రంధ్రం పూర్తిగా మూసుకుంటే చాలు.

గిన్నె నిండి ఉంటే పాత మగ్గుతో బకెట్‌లోకి తోడేయండి, కానీ రబ్బరు మునిగేంత నీళ్లు ఉంచండి. నీళ్లు లేకుండా కొడితే లోపల గాలి నొక్కుకుంటుందంతే, అడ్డు కదలదు. రబ్బరు అంచుకి కాస్త వాజలిన్ రాస్తే పట్టు బాగుంటుంది. ప్లంజర్‌ని ఏటవాలుగా దించితే కప్పులోని గాలి బయటికి పోతుంది. మొదటి నొక్కు నెమ్మదిగా ఉండాలి, లేకపోతే ఆ నీళ్లు మొహం మీదికే. తర్వాత పట్టు వదలకుండా 15 నుంచి 20 సార్లు పైకీ కిందికీ. నొక్కడం ఎంత ముఖ్యమో లాగడమూ అంతే, అటూ ఇటూ కదిలితేనే ముద్ద విడిపోతుంది. చివర ఒక్కసారిగా పైకి లాగండి. ఇలా నాలుగైదు విడతలు చేసినా నీటిమట్టం కదలకపోతే ఆపేయండి. లోపల ఉన్నది తోస్తే పోయే రకం కాదు.

ప్లంజర్‌కి ముందు డిష్‌వాష్ లిక్విడ్ ఒక 100 మిల్లీలీటర్లు పోసి, అరగంట ఆగి, ఒక బకెట్ వేడినీళ్లు నడుము ఎత్తునుంచి పోయడమనేది మెత్తని అడ్డుకి మంచి తోడు. గిన్నెలో నీళ్లు ముందు తోడేశాకే పోయండి సుమా. నీళ్లు మరగకూడదు. మరిగే నీళ్లకి పింగాణీ చిట్లవచ్చు, పీవీసీ పైపు మెత్తబడుతుంది. గీజర్ నీళ్ల వేడి చాలు.

స్ప్రింగ్: గుడ్డకీ ప్యాడ్‌కీ ఇదే దిక్కు

శానిటరీ ప్యాడ్లు, పిల్లల డైపర్లు, వెట్ వైప్స్, నేల తుడిచే గుడ్డ ముక్క, ఇవి నీళ్లు పీల్చి ఉబ్బుతాయే కానీ కరగవు. ప్లంజర్‌తో కొడితే ఇంకా లోపలికెళ్లి గట్టిగా బిగుసుకుంటాయి. ఒకవేళ కమోడ్ దాటినా తర్వాతి మలుపులో కూర్చుంటాయి. వీటిని వెనక్కి లాగాలి.

షాపులో "డ్రెయిన్ స్ప్రింగ్" అని అడిగితే చుట్ట చుట్టిన 5 లేదా 10 మీటర్ల తీగ ఇస్తారు. అది సింక్‌కీ, బాత్రూమ్ లైన్‌కీ బాగుంటుంది. వెస్టర్న్ కమోడ్‌కి మాత్రం అంత మంచిది కాదు. వంపు దగ్గర మడతపడుతుంది, పింగాణీ మీద నల్లటి గీతలు పడతాయి. కమోడ్ కోసమే చేసిన ఆగర్ వేరు. పొడవాటి కడ్డీ, పైన తిప్పే హ్యాండిల్, కింద వంగిన మొనకి రబ్బరు తొడుగు ఉంటాయి. స్ప్రింగ్ 3 అడుగులదీ, 6 అడుగులదీ దొరుకుతాయి. వంపుదాకా అయితే 3 అడుగులు చాలు. ధర ప్లంజర్‌కంటే బాగా ఎక్కువే. చిన్న ఊళ్ల షాపుల్లో దొరకడం కష్టం, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. ఇంట్లో పసిపిల్లలుంటే కొని పెట్టుకోవడం దండగ కాదు.

వాడేటప్పుడు స్ప్రింగ్‌ని పూర్తిగా కడ్డీలోకి లాక్కుని, రబ్బరు తొడుగు రంధ్రానికి ఆనించి, హ్యాండిల్ కుడివైపుకి తిప్పుతూ కిందికి తోయండి. మొదట తగిలే గట్టిదనం అడ్డు కాదు, కమోడ్ వంపు. బలం పెట్టకుండా తిప్పుతూ ఉంటే దాటుతుంది. తర్వాత మెత్తగా, స్పాంజిలా తగిలిందంటే అదీ అసలుది. అక్కడ ఇంకో మూడు నాలుగు చుట్లు తిప్పి, అదే దిశలో తిప్పుతూనే నెమ్మదిగా వెనక్కి లాగండి. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు: లాగేటప్పుడు ఎడమవైపుకి తిప్పితే పట్టుకున్న గుడ్డ కాస్తా జారిపోతుంది.

వెదురు బద్ద సంగతి కూడా చెప్పాలి. చాంబర్ వైపునుంచి వంపులేని తిన్నని పైపులో తోయడానికి అది ఇప్పటికీ మంచి సాధనమే. కమోడ్ వైపునుంచి మాత్రం వద్దు. వంపు తిరగదు, విరిగితే అదే ఇంకో అడ్డు.

యాసిడ్, కాస్టిక్ సోడా: ఎందుకు చివర, అసలు ఎందుకు?

డ్రెయిన్ క్లీనర్ పొడుల్లో ఎక్కువగా ఉండేది కాస్టిక్ సోడా. వెంట్రుకలు, నూనె జిడ్డు పేరుకున్న సింక్ పైపులో అది పనిచేస్తుంది. టాయిలెట్‌లో అడ్డుకి ముందు నీళ్లు నిలబడి ఉంటాయి, పొడి ఆ నీళ్లలో పలచబడిపోతుంది. ఎక్కువ వేస్తే అడుగున గడ్డకట్టి రాయిలా కూర్చుంటుంది. ప్యాడ్‌నీ ప్లాస్టిక్‌నీ కాస్టిక్ ఏమీ చేయదు. నీళ్లలో కలిసేటప్పుడు పుట్టే వేడికి కమోడ్ చిట్లవచ్చు కూడా.

యాసిడ్ కరిగించేది సున్నపు పొరని, మూత్రపు గారని. బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఫ్లష్ బలం తగ్గడానికి ఇదే కారణం కావచ్చు. గిన్నె అంచు కింద నీళ్లు దూకే రంధ్రాలు గార పట్టి సగం మూసుకుంటాయి, నీళ్లు జోరుగా దిగవు, అందుకే పదే పదే జామ్ అవుతుంది. అంటే యాసిడ్ అడ్డు తీసే మందు కాదు, అడ్డు తీశాక మళ్లీ రాకుండా వాడే మందు. నీలిరంగు టాయిలెట్ క్లీనర్లు చాలావాటిలో సుమారు 10 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఉంటుంది. అంచు కింద రాసి, సీసా మీద రాసినంతసేపు ఉంచి, పాత బ్రష్‌తో రుద్దితే చాలు. విడిగా అమ్మే ఘాటు యాసిడ్ అక్కర్లేదు. అది స్టీల్ ఫిట్టింగ్‌లనీ, చాంబర్ సిమెంటునీ తినేస్తుంది, సెప్టిక్ ట్యాంకులో మలాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవుల్నీ చంపుతుంది.

యాసిడ్‌కి బ్లీచింగ్ పౌడర్ తగిలితే క్లోరిన్ వాయువు పుడుతుంది, మూసిన బాత్రూమ్‌లో అది ప్రాణాంతకం. కాస్టిక్ మీద యాసిడ్ పోస్తే నీళ్లు ఎగజిమ్ముతాయి. ఒకటి పనిచేయలేదని ఇంకొకటి పోయడం మామూలుగా జరిగేదే, ప్రమాదమూ అక్కడే. ఏదైనా పోసి ఉంటే తర్వాత ప్లంజర్ కొట్టకండి, వచ్చే ప్లంబర్‌కి ఏం పోశారో దాచకుండా చెప్పండి. కళ్లు అతనివి.

గాలి గన్

చేతిపంపుతో గాలి నింపి ట్రిగ్గర్ నొక్కితే దూసుకుపోయే గన్‌లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో బాగా అమ్ముతున్నారు. మెత్తని అడ్డుకి పనిచేస్తాయి, అబద్ధం కాదు. కానీ ఆ దెబ్బ ఎటు పోతుందో మన చేతిలో ఉండదు. పాత కమోడ్ వెనక జాయింట్ వదులుకావచ్చు, ఫ్లాట్లలో పక్క ట్రాప్‌లోంచి మురుగు ఎగజిమ్మవచ్చు. ప్లంజర్‌తో అయ్యే పనికి ఇది అనవసరం, ప్లంజర్‌తో కాని పనికి ఇదీ చాలదు.

కమోడ్ ఊడదీయడం

టూత్‌బ్రష్, ఫ్రెష్‌నర్ బిళ్ల వేలాడదీసే ప్లాస్టిక్ గూడు, బాటిల్ మూత, చిన్న బొమ్మ. ఇవి వంపులో అడ్డంగా ఇరుక్కుంటాయి. వీటి లక్షణం ఒకటుంది: నీళ్లు పోతాయి, మలమో కాగితమో మాత్రం ఆగుతుంది. ప్లంజర్‌తో తీశాక రెండు రోజులు బాగుండి మళ్లీ ఆగితే వీటినే అనుమానించాలి. ఒకసారి ఆగర్‌తో ప్రయత్నించి, రాకపోతే కమోడ్ తీయించడమే మార్గం. గోడకి వేలాడే కమోడ్ తీయడం పైకి కష్టమనిపిస్తుంది కానీ నిజానికి తేలిక: రెండు బోల్టులు, ఒక రబ్బరు కనెక్టర్. నేలమీది కమోడ్‌ని వైట్ సిమెంట్‌తో బిగించి ఉంటే ఉలితో కొట్టేటప్పుడు అడుగు చిట్లే ప్రమాదం ఉంది, ఆ సంగతి ముందే మాట్లాడుకోండి. తిరిగి బిగించేటప్పుడు కొత్త కనెక్టర్ వేయించండి, సిమెంటుకి బదులు సిలికాన్ పెట్టించండి. అది ఆరడానికి 24 గంటలు వాడకుండా ఉంచాలి. మళ్లీ ఎప్పుడైనా తీయాల్సొస్తే బ్లేడుతో కోస్తే వచ్చేస్తుంది.

ఏ పరిస్థితికి ఏది?

మెత్తనిదైతే వేడినీళ్లు, లిక్విడ్, ప్లంజర్. గుడ్డ, ప్యాడ్ అయితే ప్లంజర్ ముట్టుకోకుండా నేరుగా ఆగర్. గట్టి వస్తువైతే ఒకసారి ఆగర్, తర్వాత ప్లంబర్. ఏం పడిందో తెలియకపోతే ప్లంజర్‌తో మొదలుపెట్టి నాలుగైదు విడతల దగ్గర ఆపి ఆగర్‌కి మారండి. అడ్డు తీశాక వెంటనే ఫ్లష్ నొక్కకుండా బకెట్‌తో నీళ్లు పోసి చూడండి. గుడగుడమని ఒక్కసారిగా దిగితే దారి తెరుచుకున్నట్టు, సన్నగా తిరుగుతూ దిగితే ఇంకా సగం ఉన్నట్టు.

ఊళ్లలోని జంట గుంతల మరుగుదొడ్ల లెక్క వేరు. వాటి ట్రాప్‌లో నిలిచే నీరు 20 మిల్లీమీటర్లే, లీటరున్నర రెండు లీటర్లు పోస్తే చాలు. అక్కడ అడ్డు తరచుగా రెండు గుంతలకీ దారి చీలే చిన్న చాంబర్‌లో పడుతుంది. దాని మూత తీసి, కర్రతో కదిపి, నీళ్లు పోస్తే సరిపోతుంది. యాసిడ్ పోస్తే గుంతలో ఎరువు తయారవడం ఆగిపోతుంది.

చాంబర్ నిండి ఉన్న కేసులో ఈ సాధనాలేవీ అక్కర్లేదు. సెప్టిక్ ట్యాంక్‌ని రెండు మూడేళ్లకోసారి తోడించాలి. అంతకు మించి అయినా, ఎంత కాలమైందో గుర్తులేకపోయినా ముందు దాన్నే చూడండి. సక్షన్ ట్యాంకర్‌ని పిలవాలి, ఎంత తక్కువకి వస్తానన్నా మనిషిని దింపకూడదు. రక్షణ సామగ్రి లేకుండా దింపించడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం. లోపలి హైడ్రోజన్ సల్ఫైడ్ క్షణాల్లో స్పృహ తప్పిస్తుంది, పడ్డవాళ్లని తీయబోయిన వాళ్లూ పోతారు. హైదరాబాద్‌లో ట్యాంక్ తోడించడానికి 14420కి, వీధి మురుగు పొంగితే జలమండలి 155313కి ఫోన్ చేయవచ్చు.

చాంబర్ ఖాళీ, అడ్డు లేదు, అంచు రంధ్రాలు శుభ్రం, అయినా ఫ్లష్ బద్ధకంగా ఉంటే రెండు చోట్ల చూడండి. ఒకటి ఫ్లష్ ట్యాంక్: నీళ్లు ఆదా అవుతాయని లోపల బాటిల్ పెట్టినా, ఫ్లోట్ కిందికి దించినా 6 లీటర్ల చోట నాలుగే దిగుతాయి, గట్టి మలానికి అవి చాలవు. మూడు లీటర్ల చిన్న బటన్ మూత్రానికి మాత్రమే. రెండోది మేడమీది వెంట్ పైపు: పైన జాలీ టోపీలో పిట్ట గూడు పెట్టినా, ఎవరైనా మూత బిగించినా లైన్‌లోకి గాలి అందదు, నీళ్లు గుటుక్కు గుటుక్కుమంటూ ఆగి ఆగి దిగుతాయి. ఆ గూడు తీసేస్తే సరిపోతుంది.