చెల్లి కాలేజీ ప్రాజెక్టుగా చేసిన నవారు కుర్చీ: ఆరేళ్లు వాడాక

మా హాల్లో ఉన్నవాటిలో, మా అత్తయ్యగారు ఎవరి చెయ్యీ అడక్కుండా లేవగలిగే కుర్చీ ఒక్కటే. మా చెల్లి డిజైన్ కోర్సు ఆఖరి ఏడాదిలో ప్రాజెక్టుగా గీసి, కోసి, అల్లి మాకిచ్చిన నవారు కుర్చీ అది. ఆరేళ్లుగా రోజూ వాడుతున్నాం. కాకినాడ తేమలో, రోజూ తడిగుడ్డ పెట్టే గచ్చు మీద, పిల్లలు ఎక్కి దూకే ఇంట్లో ఉంది. కొత్తలో చూసినవాళ్లంతా అందంగా ఉందన్నారు. ఇన్నేళ్లు కూర్చున్నాక నేను చెప్పగలిగేది వేరే: ఇలాంటి కుర్చీ ప్రతి పెద్దవాళ్లున్న ఇంట్లో ఉండాలి. కొన్ని మార్పులతో.

ముందు కుర్చీ ఎలాంటిదో చెబుతాను. టేకు ఫ్రేము. సీటుకీ వీపుకీ రెండంగుళాల నూలు నవారు. స్పాంజి లేదు, ప్లైవుడ్ లేదు. సీటు ముందు అంచు నేల నుంచి 43 సెంటీమీటర్లు, వెనక 39. లోతు 47. సీటుకీ వీపుకీ మధ్య కోణం 105 డిగ్రీలు. పడక కుర్చీలా వాలిపోదు, భోజనాల బల్ల దగ్గరి కుర్చీలా నిటారుగానూ ఉండదు. టీవీ చూడ్డానికీ, పేపరు చదవడానికీ, చుట్టాలొస్తే గంటలకొద్దీ కబుర్లకీ కుదిరే కోణం అది.

ఇక లేవడం సంగతి. దీని గురించే ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే షాపులో కూర్చుని చూసే రెండు నిమిషాల్లో ఎవరూ పట్టించుకోనిది ఇదే. మనిషి లేవాలంటే ముందు పాదాలు మోకాళ్ల కిందకి, వీలైతే ఇంకొంచెం వెనక్కి రావాలి. నడుము ముందుకు వంగాలి. బరువు పాదాల మీదకి వచ్చాకే ఒళ్లు సీటు వదులుతుంది. కింద దాకా చెక్కతో మూసేసిన సోఫాల్లో మడమలు వెనక్కి జరగవు. సీటు లోతు 55, 60 సెంటీమీటర్లు ఉంటే పొట్టివాళ్లు ముందు అంచుకి జరుక్కుంటూ రావడమే ఒక పని. పైగా మెత్తటి స్పాంజిలో నడుము మోకాళ్లకన్నా కిందకి దిగిపోతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ఈ మూడూ కలిస్తే సోఫా ఒక గొయ్యే.

ఈ కుర్చీలో ముందు కాళ్ల మధ్య అడ్డకర్ర లేదు. మడమలు హాయిగా వెనక్కి వెళ్తాయి. కుర్చీ చేతులు సీటు అంచు కన్నా నాలుగు వేళ్లు ముందుకు వచ్చి, కొసలో గుండ్రంగా, గుప్పిట్లో పట్టేలా ఉంటాయి. అత్తయ్యగారు ఆ కొసలు పట్టుకుని, ముందుకు వంగి, ఒక్క ఊపులో లేస్తారు. ప్రాజెక్టు మొదట్లో చెల్లి ఇంటికొచ్చి, "అత్తయ్యగారూ, మీకు ఎలాంటి కుర్చీ అయితే సుఖంగా ఉంటుంది?" అని అడిగింది. "కూర్చోడానికేముందే అమ్మాయ్, ఏ పీటైనా చాలు. లేవడమే నాకు పని" అన్నారావిడ. డ్రాయింగులన్నీ ఆ మాట నుంచే వచ్చాయని చెల్లి ఇప్పటికీ అంటుంది. ప్రాజెక్టుని పరీక్షించే కాలేజీ జ్యూరీలో ఒకరు సీటును 38కి దించితే రూపం ఇంకా బాగుంటుందన్నారట. దించలేదు. ఆ పట్టుదలకి మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉన్నాం.

కొలతలు గాల్లోంచి రాలేదు. అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ 1997లో భారతీయుల శరీర కొలతలతో ఒక పుస్తకం వేసింది. మన దగ్గర ఫర్నిచరు చదివే పిల్లలకి అది పెద్ద ఆధారం. చెల్లి అందులోని లెక్కలు తీసుకుని, ముందు 1:5 నిష్పత్తిలో చిన్న నమూనా చేసింది. తర్వాత ప్యాకింగు చెక్కలతో నిలువెత్తు నమూనా ఒకటి కొట్టింది. దానికి సీటు ఎత్తూ వీపు వాలూ బోల్టులతో మార్చుకునే వీలుంది. ఇంట్లోవాళ్లనీ, పక్కవాళ్లనీ, పాలబ్బాయిని కూడా కూర్చోబెట్టింది. కూర్చోగానే ఎలా ఉందని అడిగేది కాదు. పావుగంట కబుర్లలో పెట్టి, వాళ్లు ఎప్పుడు కదులుతున్నారో, చెయ్యి ఎక్కడ ఆనిస్తున్నారో, కాలు ఎటు ముడుచుకుంటున్నారో రాసుకునేది. విద్యార్థులు చేసే పనిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించేది ఈ భాగమే. నమూనా మీద పెట్టిన ఆ ఓపికే ఆరేళ్లుగా మా నడుములకి తెలుస్తోంది.

అలా రాసుకున్నప్పుడు తేలిన విషయం, మనవాళ్లలో చాలామంది కుర్చీలో కాసేపు కూర్చున్నాక కాళ్లు పైకి తీసి బాసింపట్టు వేస్తారని. మోకాళ్లు పక్కలకి జరిగినప్పుడు మామూలు కుర్చీ చేతులు ఒరుసుకుంటాయి. చేతుల్ని దూరంగా జరిపితే మామూలుగా కూర్చున్నప్పుడు మోచేతులకి అందవు. దీనికి చెల్లి కనుక్కున్న ఉపాయం నాకు చాలా ఇష్టం. కుర్చీ కాళ్లని బయటికి జరిపి, వాటి మీద 11 సెంటీమీటర్ల వెడల్పున్న పలకలను చేతులుగా పెట్టి, ఆ వెడల్పంతా లోపలికి వచ్చేలా అమర్చింది. పక్కన మూత లేదు. మోకాళ్లు చేతుల కిందకి దూరతాయి, మోచేతులు పైన ఆనతాయి. నేను బియ్యం ఏరుకునేదీ, చిక్కుడుకాయలు వలుచుకునేదీ దాంట్లోనే, బాసింపట్టు వేసుకుని, పక్కన చేతి మీద గిన్నె పెట్టుకుని. కాఫీ గ్లాసు పెట్టడానికి వేరే టీపాయి అక్కర్లేదు.

నవారు గురించి చాలామంది అడుగుతారు. సాగిపోదా, మాసిపోదా అని. రెండూ జరుగుతాయి. అయినా నేను మళ్లీ నవారే కోరుకుంటాను.

కాలేజీలో ఫర్నిచరు చరిత్ర చెప్పినప్పుడు యెన్స్ రిసోమ్ కుర్చీ బొమ్మ చూపించారట. డెన్మార్క్ నుంచి అమెరికా వెళ్లిన డిజైనరాయన. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సామాను దొరకని రోజుల్లో, సైన్యం వద్దన్న పట్టీలను తెచ్చి చెక్క ఫ్రేము మీద అల్లి, నోల్ అనే ఫర్నిచరు కంపెనీకి కుర్చీలు చేశాడు. అంతకుముందే, 1930ల చివర్లో, ఫిన్లాండులో అల్వార్ ఆల్టో కూడా నార పట్టీలతో కుర్చీ చేశాడు. ఆ బొమ్మలు చూడగానే చెల్లికి అమ్మమ్మగారింట్లో నవారు మంచం గుర్తొచ్చింది. మంచాన్ని తరతరాలుగా బతికించింది అల్లిక వదులైతే మళ్లీ బిగించుకునే వీలే కదా, కుర్చీకి ఆ వీలు ఎందుకుండకూడదు అనుకుంది.

అందుకని నవారుని మేకులతో కొట్టలేదు. నిలువు పట్టీలు వెనక పట్టె దగ్గర మొదలై, సీటు మీదుగా ముందు పట్టెను చుట్టి, కింద నుంచి వెనక్కి వస్తాయి. ఆ కొసలన్నీ ఒక గుండ్రటి కర్రకి చుట్టి ఉంటాయి. కర్రని వెనక పట్టెకి తాడుతో లాగి కట్టింది. సీటు సాగినప్పుడు కుర్చీని బోర్లించి తాడు ఒక్కటి లాగితే చాలు, పట్టీలన్నీ ఒకేసారి బిగుస్తాయి. మావారు సంక్రాంతికొకసారి, వానలు తగ్గాక ఒకసారి బిగిస్తారు. కాఫీ తాగినంత సేపు పట్టదు. బిగించడం వాయిదా వేస్తే మాత్రం కుర్చీ వెంటనే చెబుతుంది: సీటు దిగి, ముందు పట్టె తొడల కింద ఒత్తుకుంటుంది. చెల్లి ఆ పట్టెని మధ్యలో కొంచెం కిందకి వంపు తిప్పి చెక్కింది కాబట్టి మరీ గట్టిగా తగలదు. కానీ తెలుస్తుంది.

ఎండాకాలంలో నవారు విలువ తెలుస్తుంది. మే నెలలో కరెంటు పోయినప్పుడు రెగ్జిన్ సోఫాలో వీపు అతుక్కుపోతుంది. ఇందులో గాలి ఆడుతుంది. మాసినప్పుడు అల్లిక విప్పి, సబ్బునీళ్లలో ఉతికి, ఎండలో ఆరేసి మళ్లీ అల్లుకోవచ్చు. విప్పి అల్లడం ఒక పూట పని. సులువు అనను. అల్లే ముందే కొత్త నవారుని రాత్రంతా నానబెట్టి ఆరబెట్టాలి, లేకపోతే మొదటి ఉతుకులో ముడుచుకుపోతుంది. మొదటి నవారు నాలుగేళ్లకి పైనే వచ్చింది, పచ్చడి మరకలతో సహా. తర్వాత వేరే రంగుది కొని మార్చాం. సంతలో మూరల లెక్కన దొరికే వస్తువుతో సీటు మొత్తం కొత్తదైపోయింది. స్పాంజి దిగబడిపోయిన సోఫాకి అయ్యే ఖర్చుతో పోల్చి చూసుకోండి.

కలప పాతది. తాతయ్యగారి పెంకుటిల్లు పడగొట్టినప్పుడు తీసిన దూలం, వాసాలు. ఏళ్ల తరబడి కప్పు కింద ఆరిన టేకు కొత్తగా కోసిన చెక్కలా మెలికలు తిరగదు, వాడకంలో ఇది చూశాను. పాత కలపతో చిక్కల్లా లోపల దాగిన మేకులు. రంపం పళ్లు పోతాయని చాలా కోత మిల్లులు ముట్టుకోవు. చెల్లి ప్రతి ముక్క మీదా అయస్కాంతం నడిపి, మేకులు పీకాకే కోతకి ఇచ్చింది. అంచున పాలిపోయినట్టు ఉండే లేత భాగాన్ని తీసేసి చేవ మాత్రమే వాడింది. చెదలని తట్టుకునేది చేవే. మా వీధిలో చెదలు తలుపు చట్రాలని తిన్నాయి, ఈ కుర్చీ జోలికి రాలేదు.

అతుకులకి స్క్రూలు లేవు. ఒక ముక్కకి బెజ్జం తొలిచి, రెండో ముక్క కొసని దానికి సరిగ్గా దూరేలా చెక్కి, ఫెవికాల్ పెట్టి బిగించినవి. కుర్చీలో ఎక్కువ శ్రమ పడేది పక్క పట్టె వచ్చి వెనక కాలిని కలిసే చోటు. వెనక్కి వాలిన ప్రతిసారీ బరువు అక్కడే మెలిపెడుతుంది. అక్కడ వెదురు సీల కూడా అడ్డంగా దింపింది. ఆ రెండు అతుకులూ ఈనాటికీ చలించలేదు. వదులైంది ఎడమ చెయ్యి. పిల్లలు దాని మీదే గుర్రమెక్కుతారు. మూడో ఏడు దాటాక కిర్రుమనడం మొదలైంది. బాగు చేసిన వడ్రంగి ఒక మంచి మాట చెప్పాడు: ఎండిపోయిన పాత ఫెవికాల్ మీద కొత్తది పట్టదు, ముందు పాతదంతా ఉలితో గీకి చెక్క కనబడేలా చేయాలి. అలా చేశాక మళ్లీ చప్పుడు లేదు. మీ ఇంట్లో కుర్చీ అతుకు ఊడితే పైపైన జిగురు పోసి వదిలేయకండి.

పాలిష్‌కి, చెక్క మీద మెరిసే పొరలా నిలిచే మెలమైన్ కాకుండా అవిసె నూనె పట్టించింది. మెరుపు తక్కువ, చేతికి చెక్కలాగే తగులుతుంది. వేడి స్టీలు గ్లాసు గుండ్రటి మరక వదులుతుంది, కానీ మెత్తటి గరుకు కాగితంతో రుద్ది చుక్క నూనె రాస్తే పోతుంది. మెలమైన్ పెచ్చులూడితే మొత్తం గీకాలి. ఒక జాగ్రత్త: అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడేయకూడదు. వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. నీళ్లలో తడిపి, విడిగా పరిచి ఆరేయాలి.

ఇప్పుడు లోపాలు. వీపు భుజాల కిందే ఆగిపోతుంది. తలకి కొబ్బరినూనె రాసుకునే ఇంట్లో అది ఒక విధంగా మేలే, సోఫాకి పట్టే జిడ్డు దీనికి పట్టలేదు. కానీ మధ్యాహ్నం కునుకు తీయాలంటే తల ఆనదు. మావారు ఆరడుగుల మనిషి, ఆయనకి 47 లోతు చాలదు. తొడలు పూర్తిగా ఆనవు, గంట దాటితే లేచిపోతారు. బరువు పది పన్నెండు కిలోలుంటుంది. ఊడ్చేటప్పుడు జరపడానికి నాకు కష్టం. చేతులు వెడల్పు కాబట్టి ఇరుకు హాల్లో చోటెక్కువ తింటుంది, రెండు గదుల ఫ్లాటులో ఇలాంటివి నాలుగు పట్టవు.

నాకు గట్టిగా అనిపించిన లోపం కాళ్ల అడుగున. చెక్క నీళ్లని అన్నిటికన్నా ఎక్కువగా పీల్చేది కోసిన కొసల్లోంచే. మన ఇళ్లలో రోజూ తడిగుడ్డ పెడతాం, పండగలకి గచ్చు కడుగుతాం. నూనె పాలిష్ అక్కడ సరిపోలేదు. నాలుగు కాళ్లూ అడుగున అర అంగుళం మేర నల్లబడ్డాయి. కుళ్లలేదు, టేకు కాబట్టి. ఇంకో కలప అయితే ఈపాటికి మెత్తబడేది. ఇప్పుడు కాళ్ల కిందకి నైలాన్ బిళ్లలు కొట్టించి, కొసలకి ఎపాక్సీ పూయించాం. చేసిన రోజే పెట్టాల్సినవి.

ఇలాంటిది చేయించుకోవాలనుకునేవాళ్లు వడ్రంగికి ఫొటో చూపించి ఊరుకోవద్దు. ఫొటో చూసి అందమైన కుర్చీ చేస్తాడు, కొలతలు మాత్రం అలవాటైనవే పెడతాడు. ఇంట్లో ఎక్కువ సేపు కూర్చునే మనిషిని పీట మీద కూర్చోబెట్టి, పాదం నేలకి ఆనిన స్థితిలో మోకాలి మడత కింద దాకా ఎత్తు కొలవండి. సీటు ముందు అంచు దానికన్నా మూడు నాలుగు సెంటీమీటర్లు ఎక్కువ ఉండొచ్చు, నవారు కూర్చున్నాక దిగుతుంది కాబట్టి. వెన్ను నుంచి మోకాలి మడత దాకా కొలిచి, మూడు వేళ్ల ఖాళీ తీసేస్తే లోతు వస్తుంది. సీటు పట్టెలు సన్నగా చేయనివ్వకండి. బిగించిన నవారు వాటిని లోపలికి లాగుతూనే ఉంటుంది.

చెల్లి ఇప్పుడు మావారి కోసం రెండోది గీస్తోంది. లోతు 52, వీపు తల దాకా, కాళ్ల కింద మొదటినుంచే బిళ్లలు. అత్తయ్యగారి కుర్చీ కొలతల్లో మాత్రం సీటు ఎత్తు 45కి పెంచమన్నాను. వయసుతో పాటు ఆవిడ మోకాళ్లు బిగుసుకుంటున్నాయి. కాళ్ల కింద ఇంకాస్త మందం బిళ్లలు వేస్తే ఆ రెండు సెంటీమీటర్లు వచ్చేస్తాయట. వచ్చే నెల సెలవులకి వచ్చినప్పుడు వేస్తానంది.