మూడేళ్ల హెచ్‌డీ ప్యాక్‌కు ఒకేసారి డబ్బు కడుతున్నారా? అనంతపురం వాళ్లు కాస్త ఆగండి

ఈ మధ్య మన ఊళ్లో పొద్దున్నే పేపర్ మడతలో ఒక పసుపు రంగు పాంప్లెట్ వస్తోంది. అన్నీ హెచ్‌డీ ఛానెళ్లేనట, మూడేళ్లకు ఒకేసారి కడితే సెటప్ బాక్స్ ఉచితం, ఫిట్టింగ్ ఉచితం, పండక్కి ముందు బుక్ చేసుకుంటే ఇంకో మూడు నెలలు ఉచితమట. కింద ఒక సెల్ నంబరు తప్ప షాపు అడ్రస్ లేదు. కంపెనీ పేరు వెతికి చదువుకోవాల్సినంత చిన్న అక్షరాల్లో ఉంది. కట్టేద్దామని ఎవరైనా అనుకుంటూ ఉంటే ముందు ఇది చదవండి. ఇలాంటి ప్యాకే కొన్నేళ్ల కిందట మా మామగారు తీసుకున్నారు. అది వేరే కంపెనీ. దాని సర్వీసు ఇప్పుడు లేదు కాబట్టి పేరెత్తి ప్రయోజనం లేదు, నేను రాయను కూడా. అమ్మిన పద్ధతి మాత్రం అచ్చం ఇదే.

మామగారు ఆర్టీసీలో చేసి రిటైరయ్యారు. క్రికెట్, పాత సినిమాలు, వార్తలు, ఆయనకు ఇవి చాలు. పెద్ద టీవీ కొన్నాక కేబుల్‌లో బొమ్మ మసకగా కనిపిస్తోందని ఒకటే గొణుగుడు. తెలిసిన డీలరే ఇంటికొచ్చి, "సార్, మిగతా వాళ్లు హెచ్‌డీ అని చెప్పి నాలుగు ఛానెళ్లు పడేస్తారు, ఇది హెచ్‌డీ కోసమే పెట్టిన కంపెనీ" అన్నాడు. డాబా మీద సింటెక్స్ ట్యాంకు పక్కన డిష్ బిగించాడు. బిల్లు అడిగితే "ఎస్టిమేట్" అని అచ్చేసిన తెల్ల కాగితం మీద మొత్తం రాసి, కింద ఒక గీత గీకి ఇచ్చాడు. జీఎస్టీ నంబరు లేదు, బాక్సు సీరియల్ నంబరూ లేదు. ఆ కాగితం సంగతి మళ్లీ చెప్తా.

మొదట్లో బొమ్మ నిజంగానే అద్దంలా ఉండేది. బౌలర్ చేతిలో బంతి మీద కుట్లు కనిపించేవి. ఆ మాట ఒప్పుకోవాలి, సరుకు దొంగ సరుకు కాదు. ఆ తర్వాత ఒక పిల్లల ఛానెల్ పోయింది, దాని వెనకే రెండు ఇంగ్లీషు ఛానెళ్లు. తెర కింద "ఈ ఛానెల్ తాత్కాలికంగా అందుబాటులో లేదు" అని పట్టీ పరిగెత్తేది. డీలర్‌ను అడిగితే వాన వల్ల సిగ్నల్ పోయిందన్నాడు. అనంతపురంలో! ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే గొప్పగా చెప్పుకునే జిల్లా మనది. గట్టి వాన కురుస్తున్న కాసేపు సిగ్నల్ పోవడం నిజమే, డీటీహెచ్ వాడే తరంగాలకు ఆ గుణం ఉంది. కానీ వాన వస్తే అన్ని ఛానెళ్లూ తడబడతాయి, మూడు ఛానెళ్లను ఏరుకుని పట్టుకుపోదు.

తర్వాత స్పోర్ట్స్ పోయింది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే ముందు పాట, కొన్నాళ్లకు ఉత్త రింగు, చివరికి ఈ నంబరు వాడుకలో లేదన్నారు. ఒకరోజు తెర మొత్తం నీలంగా మారి "నో సిగ్నల్" అని వచ్చింది, ఇక బొమ్మ రాలేదు. ప్యాక్ గడువు సగం కూడా కాలేదు. డీలర్ మొహం వేలాడేసుకుని "సార్, నా కమీషనే ఎన్నో నెలల నుంచి ఆపారు" అన్నాడు. ఆ ముక్క అంతకుముందే చెప్పి ఉంటే మా వీధిలో ఇంకో ఇద్దరి డబ్బులు మిగిలేవి. ఆ డీలర్ తన షాపులో ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నాడు. బాక్సు టీవీ కింద అలాగే ఉంది. రిమోట్ మా పాప చెవికి పెట్టుకుని ఫోన్ మాట్లాడుతుంది.

డిష్ మాత్రం పనికొచ్చింది. వేరే కంపెనీ వాళ్లు వచ్చి దిశ మార్చి, సిగ్నల్ పట్టే ముక్క (ఎల్‌ఎన్‌బి) కొత్తది వేసి అదే వాడేశారు. బాక్సు అలా కాదు. ఒక కంపెనీ బాక్సులో ఉండే తాళం ఇంకో కంపెనీ సిగ్నల్‌ను తెరవదు. ఏ బాక్సైనా ఏ కంపెనీకైనా పనిచేసేలా చేయాలని టీవీ, టెలికాం కంపెనీలకు నిబంధనలు పెట్టే ట్రాయ్ ఏళ్ల నుంచి చెబుతూనే ఉంది. షాపుల్లోకి వచ్చేసరికి మాత్రం పాత కథే. కాబట్టి "బాక్సు ఫ్రీ" అన్న మాటకు మురిసిపోకండి. కంపెనీ ఉన్నన్నాళ్లే దానికి విలువ.

కేవలం హెచ్‌డీని నమ్ముకున్న చిన్న కంపెనీలు ఎందుకు తేలవు? శాటిలైట్ మీద జాగా అద్దె ఖరీదైన వ్యవహారం. పది వేల మంది చూసినా కోటి మంది చూసినా ఆ ఖర్చు దాదాపు ఒకటే. హెచ్‌డీ ఛానెల్‌కు మామూలు ఛానెల్ కంటే కొన్ని రెట్లు జాగా కావాలి, కాబట్టి అదే అద్దెలో తక్కువ ఛానెళ్లు పడతాయి. దాని మీద ఛానెళ్ల వాళ్లకు కట్టాల్సింది, బాక్సు మీద పెట్టిన సబ్సిడీ, డీలర్ కమీషన్, ప్రభుత్వానికి లైసెన్స్ ఫీజు. జనం లక్షల్లో చేరితే తప్ప గిట్టదు. చేరేది మాత్రం బొమ్మ మీద పిచ్చి ఉన్న కొద్దిమందే.

అమెరికాలో ఊమ్ అని ఒక శాటిలైట్ టీవీ సర్వీసు వచ్చింది, ఇదే కథ కోట్ల డాలర్ల లెక్కలో. దాన్ని పెట్టిన చార్లెస్ డోలన్ మామూలు మనిషి కాదు, హెచ్‌బీవో అనే పేరున్న సినిమా ఛానెల్ పుట్టుకకు కారకుడు, కేబుల్‌విజన్ అనే పెద్ద కేబుల్ కంపెనీ అధిపతి. 2003 జూలైలో సొంతంగా రెయిన్‌బో-1 అనే శాటిలైట్‌నే ఎగరేయించి, అదే అక్టోబర్‌లో హెచ్‌డీ ప్రియుల కోసమే సర్వీసు మొదలుపెట్టాడు. ఇంకెక్కడా దొరకని హెచ్‌డీ ఛానెళ్లు సొంతంగా ఇరవై దాకా నడిపాడు. చేరినవాళ్లు యాభై వేలకు కూడా చేరలేదు. 2004 ఒక్క ఏడాదిలోనే నష్టం 66 కోట్ల డాలర్లు దాటింది. కొడుకు జేమ్స్ డోలన్‌తో సహా కేబుల్‌విజన్ బోర్డు ఇక చాలు మూసేద్దామంది, తండ్రి ససేమిరా అన్నాడు. 2005 జనవరిలో శాటిలైట్‌ను 20 కోట్ల డాలర్లకు ఎకోస్టార్ అనే ఇంకో శాటిలైట్ టీవీ కంపెనీకి అమ్మడానికి ఒప్పందమైంది. మిగిలిన వ్యాపారాన్ని తన సొంత డబ్బుతో కొంటానని తండ్రి పట్టుబట్టాడు, బోర్డులో మనుషుల్నే మార్చాడు, అయినా నిలబెట్టలేకపోయాడు. 2005 ఏప్రిల్ 30తో సర్వీసు ఆగిపోయింది. మొదలై గట్టిగా రెండేళ్లు కాలేదు. ఆ ఛానెళ్లు కొన్నేళ్లు ఎకోస్టార్ వాళ్ల డిష్ నెట్‌వర్క్‌లో వచ్చాయి. 2008లో వాళ్లూ తీసేస్తే, కోర్టు కేసు నడిచి 2012లో 70 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. ఆ డబ్బు కంపెనీలు కంపెనీలు చూసుకున్న లెక్క. బాక్సు కొనుక్కున్నవాడికి దాంట్లో వాటా లేదు.

సొంత శాటిలైట్ ఉన్నవాడి పరిస్థితే అది. పాంప్లెట్ మీద అడ్రస్ కూడా వేయనివాడు మూడేళ్ల మాట ఇస్తుంటే నాకు నవ్వొస్తోంది.

పైగా రోజులు మారాయి. ట్రాయ్ లెక్కల్లో 2024 మార్చిలో సుమారు 6.2 కోట్లు ఉన్న పే డీటీహెచ్ కనెక్షన్లు 2025 మార్చికి 5.7 కోట్లకు పడ్డాయి. పెద్ద కంపెనీల నుంచే జనం జారిపోతున్నారు. చేతులు మారిన ప్రతి కంపెనీ మునిగిపోతుందని నేను అనడం లేదు. 2018లో వీడియోకాన్ డీ2హెచ్ డిష్ టీవీలో కలిసినా పాత కస్టమర్ల బాక్సులు పనిచేస్తూనే ఉన్నాయి. కొనేవాడు దొరికిన కంపెనీ వేరు, దొరకని కంపెనీ వేరు. ఏది ఏదో డబ్బు కట్టే రోజున మనకు తెలియదు, అదే చిక్కు.

మునిగే కంపెనీని ముందే పట్టించే గుర్తులు కొన్ని ఉన్నాయి. ఛానెళ్లు ఒక్కొక్కటిగా పోతుంటే, అదీ ఖరీదైన స్పోర్ట్స్, సినిమా ఛానెళ్లు పోతుంటే, ఛానెల్ వాళ్లకు బాకీ పడిందేమో అని అనుమానించండి. నెల రీఛార్జ్‌కు రాని డిస్కౌంట్ మూడేళ్ల ప్యాక్ మీద విపరీతంగా ఇస్తున్నారంటే, వాళ్లకు ఈ నెల జీతాలకు డబ్బు కావాలేమో. ఇక నాకు అన్నిటికన్నా నమ్మకమైన గుర్తు డీలరే. సుభాష్ రోడ్డు వైపు టీవీ షాపుల్లో నాలుగు మాటలు కలిపి, "అన్నా, ఆ కంపెనీ కమీషన్ సరిగ్గా వేస్తోందా?" అని అడిగి చూడండి. ఆ ప్రశ్నకు ఎవరూ అబద్ధం చెప్పరు, తిట్లతో సహా చెప్తారు.

ఎంత నమ్మకమున్నా నెల నెలా రీఛార్జ్ చేసుకోండి. ఏడాదికి కొంత ఎక్కువ పడుతుంది, పడనివ్వండి. కంపెనీ దివాలా తీస్తే పంపకంలో ముందే డబ్బు కట్టిన కస్టమర్ వంతు బ్యాంకుల తర్వాత ఎక్కడో వస్తుంది, అప్పటికి గిన్నెలో ఏమీ మిగలదు. వార్తలు, సప్తగిరి లాంటివి చాలనుకునే పెద్దవాళ్లకు డీడీ ఫ్రీ డిష్ ఉంది, దానికి నెలవారీ కట్టాల్సిన పనే లేదు.

ఇప్పుడా ఎస్టిమేట్ కాగితం. మామగారి విషయంలో మేం ఫిర్యాదుకు వెళ్లబోతే మొదటి ప్రశ్న "బిల్లు ఏది?" అనే. డబ్బు నగదుగా ఇచ్చారు కాబట్టి బ్యాంకులోనూ ఆనవాలు లేదు. మీరు ఎవరికి ఏం కట్టినా యూపీఐలో కట్టండి, అదీ డీలర్ సొంత నంబరుకు కాకుండా కంపెనీ యాప్‌లోనే. జీఎస్టీ బిల్లు మీద బాక్సు సీరియల్ నంబరు, ప్యాక్ పేరు, గడువు తేదీ ఉండాలి. "రేపు ఇస్తా సార్" అంటే రేపే డబ్బు ఇస్తానని చెప్పండి.

ఇప్పటికే కట్టేసి, ఛానెళ్లు పోతున్నవాళ్లు ఉంటే తెర మీద వచ్చే ఆ పట్టీని తేదీతో సహా ఫొటో తీసి పెట్టుకోండి. ముందు కంపెనీ కస్టమర్ కేర్‌లో ఫిర్యాదు నంబరు తీసుకుని, పని కాకపోతే వాళ్ల నోడల్ ఆఫీసర్‌కు (తేలని ఫిర్యాదులు చూసే కంపెనీ అధికారికి) రాయండి. ట్రాయ్‌కు రాస్తే మీ ఒక్కరి కేసు వాళ్లు తేల్చరు, అక్కడ టైమ్ వృథా చేసుకోవద్దు. జాతీయ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, 5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు. కాకపోతే ఇదంతా కంపెనీ తలుపులు తెరిచి ఉండగానే చేయాలి. స్పోర్ట్స్ ఛానెల్ పోయిన వారమే మొదలుపెట్టండి, నీలం తెర వచ్చేదాకా కాదు.