సియాటిల్ సెంట్రల్ లైబ్రరీ: కాలి కింద అచ్చు, గోడ మీద లెక్క

సియాటిల్‌కి చుట్టాలొస్తే స్పేస్ నీడిల్, పైక్ ప్లేస్ మార్కెట్ చూపించేసి, సాయంత్రానికి పొరుగూరు బెల్‌వ్యూ వైపు కారు తిప్పేస్తారు. ఆ మార్కెట్ నుంచి పావుగంట నడిస్తే సెంట్రల్ లైబ్రరీ వస్తుంది. టికెట్ లేదు, కార్డు అడగరు. లోపల ఈ కాలపు కళాకారులు ఈ భవనం కోసమే చేసిన పనులున్నాయి. ఏది ఎక్కడుందో తెలియకపోతే వాటి మీద నడుచుకుంటూ వెళ్ళిపోయి కూడా చూడలేదంటారు. ‘వాటి మీద నడుచుకుంటూ’ అన్నది మాటవరసకి కాదు.

భవనం సంగతి రెండు ముక్కల్లో: రెమ్ కూల్‌హాస్, జాషువా ప్రిన్స్-రామస్‌ల డిజైన్, 11 అంతస్తులు, 2004 మే 23న తెరిచారు. సియాటిల్ నగరానికి 1973 నుంచీ ఒక చట్టం ఉంది. నగరం కట్టే నిర్మాణాల ఖర్చులో 1 శాతం కళకి పక్కన పెట్టాలి. దీని ఫలితం డబ్బు ఒక్కటే కాదు. కట్టడం మొదలవకముందే కళాకారులు వచ్చి కూర్చుంటారు కాబట్టి నేలనీ, గోడనీ అడగగలుగుతారు. భవనం పూర్తయ్యాక ఖాళీ గోడ వెతికి పటం తగిలించే పద్ధతిలో ఈ నేల పుట్టేది కాదు.

లైబ్రరీ ఏటవాలు మీద ఉంది. ఫోర్త్ అవెన్యూ తలుపు ఒకటో అంతస్తులోకి, ఫిఫ్త్ అవెన్యూ తలుపు నేరుగా మూడో అంతస్తులోకి తెరుచుకుంటాయి. ఎక్కువమంది ఫిఫ్త్ వైపు నుంచి వచ్చి, ఎత్తైన గాజు కప్పు చూసి, ఎస్కలేటరెక్కి పైకి పోతారు. ఒకటో అంతస్తు మిస్సవడానికి కారణం అదే. ఫోర్త్ అవెన్యూ వైపు నుంచే రండి. ఆ వైపు బయట జార్జ్ సుతకావా కంచు ఫౌంటెన్ కూడా కనిపిస్తుంది. అది ఇప్పటిది కాదు, ఇదే చోట ఉండిన పాత లైబ్రరీ కోసం 1960 ప్రాంతంలో చేసింది. ఆయన తర్వాత చేసిన డజన్ల ఫౌంటెన్లకి ఇదే మొదలు. ఒకదాని మీద ఒకటి పేర్చిన ఆ రూపాలు నీళ్ళు పారుతున్నప్పుడే అర్థమవుతాయి. నీళ్ళు ఆపిన రోజు అయితే ఒక చూపు చూసి లోపలికి వెళ్ళిపోవచ్చు.

ఒకటో అంతస్తులో ప్రపంచ భాషల పుస్తకాలు, ఇంగ్లిషు నేర్చుకునేవాళ్ళ పుస్తకాలు పెట్టిన విభాగం ఉంది. అక్కడి మేపుల్ చెక్క నేలే ఆన్ హామిల్టన్ చేసిన పని. 7,200 చదరపు అడుగులు, మన లెక్కలో సరిగ్గా 800 గజాలు. చెక్కని మరతో చుట్టూ తొలిచేసి అక్షరాలని ఉబ్బెత్తుగా నిలిపారు. మొత్తం 556 వరుసలు, 11 భాషలు. ప్రతి వరుసా ఆ విభాగంలోని ఏదో ఒక పుస్తకపు మొదటి వాక్యం. ఇంతా చేసి ఒక్కటీ నేరుగా చదవడానికి రాదు. అన్నీ తిరగేసి ఉన్నాయి.

పొరపాటు అనుకునేరు. సీసపు అక్షరాలతో పుస్తకాలు అచ్చేసిన రోజుల్లో అచ్చు అలాగే ఉండేది. తెనాలి, విజయవాడ ప్రెస్సుల్లో పనిచేసిన పాతతరం కంపోజిటర్లకి ఈ నేల మీద నిలబడితే వివరణ అక్కర్లేదు. గాలీ అనే పళ్ళెంలో అక్షరాలు పేర్చిన పేజీని తిరగేసే చదివేవాళ్ళు వాళ్ళు. ఇక్కడ నేలంతా సిరా పూయని ఒక పెద్ద ఫారం, అంటే అచ్చుకి సిద్ధంగా బిగించిన అక్షరాల చట్రం. కాగితం మీదికి ఎక్కకముందు వాక్యం ఎలా ఉంటుందో అలా ఉంది.

చూడటానికి కొంచెం ఓపిక కావాలి. నిటారుగా నిలబడి కిందికి చూస్తే చెక్క చారలూ అక్షరాలూ కలిసిపోతాయి. పైనుంచి నేరుగా పడే వెలుతురుకి ఉబ్బెత్తు అక్షరం నీడ వేయదు, నీడ లేనిదే అంచు తెలియదు. ఒక మోకాలు నేలకి ఆనించి, కిటికీ వైపు ముఖం పెట్టి, చూపు వాల్చి చూడండి, వరుస మొత్తం తేలుతుంది. ఫోటోకీ ఇదే సూత్రం. ఫ్లాష్ వేస్తే చెక్క తెల్లబోయి అక్షరం మాయమవుతుంది. ఫ్లాష్ ఆపి, ఫోన్‌ని నేలకి దగ్గరగా వంచి తీసి, ఎడిట్‌లో అద్దంలోలా కుడి ఎడమలు మార్చే ‘ఫ్లిప్’ నొక్కండి, వాక్యం సరిగ్గా వస్తుంది. సెల్ఫీ కెమెరాతో ప్రయత్నించకండి, స్క్రీన్ నేల వైపు పోతుంది. చిన్న చేతి అద్దం ఉంటే ఎడిటింగ్ గొడవే లేదు. ఒక్క మెలిక: ఇంగ్లిషు వాక్యం కుడి నుంచి ఎడమకి నడుస్తుంది. అరబిక్ లాంటి లిపిని ఇలా తిరగేస్తే ఎడమ నుంచి కుడికి. ఇంగ్లిషులో ఎ, హెచ్, ఐ, ఎం, ఓ, టి పెద్దక్షరాలు అద్దంలోనూ అలాగే ఉంటాయి కాబట్టి కన్ను వాటిని పట్టుకుని, తర్వాతి అక్షరం దగ్గర తడబడుతుంది.

పిల్లలకి కాగితం మీద రుద్ది చూపించాలనిపిస్తుంది. ముందు అక్కడి సిబ్బందిని అడగండి. సరేనంటే పల్చటి కాగితం, క్రేయాన్ చాలు. క్రేయాన్ మొన కాకుండా పక్కవాటు వాడాలి. మెత్తటి పెన్సిల్ అయితే పొడి రాలి చెక్క మీద మరక పడుతుంది. కాగితం వరుస కన్నా నాలుగు వేళ్ళు వెడల్పు ఉండాలి, లేకపోతే రంగు అంచు దాటుతుంది. రుద్దితే వచ్చేది కూడా తిరగేసే వస్తుంది, చాలామంది ఇక్కడే నిరాశపడతారు. ఆ కాగితాన్ని వెనక్కి తిప్పి కిటికీకి ఆనించి చూస్తే సరి.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఇది లైబ్రరీ నేల, బీరువాలూ బల్లలూ దాని మీదే నిలుస్తాయి. మొత్తం 556 వరుసలూ వెంటవెంటనే చదువుకుంటూ పోవడం కుదరదు, మధ్యలో తెగిపోయిన చోట్లని అలాగే ఒప్పుకోవాలి. ఇంకోటి, మామూలు చెక్క నేల అరిగితే పైపొర చిత్రిక పట్టి కొత్త పాలిష్ కొడతారు. ఇక్కడ పైపొరంటే అక్షరమే. చిత్రిక పడితే రాత పోతుంది. అంటే జనం నడిచేకొద్దీ నునుపెక్కడమే దీని గతి. లోపమా అంటే, అందరి చేతులూ తగిలిన పుస్తకం అట్ట కూడా అంతే కదా. ఆ పదకొండు భాషల్లో తెలుగు లేదు. ఇప్పుడైతే ఈ ఊరి చుట్టుపక్కల మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఉద్యోగాల పుణ్యమా అని ఇంతమంది తెలుగువాళ్ళున్నారు గానీ, ఈ నేల 2004 నాటిది.

మూడో అంతస్తు నుంచి అయిదుకి వెళ్ళే పచ్చటి ఎస్కలేటర్ పక్క గోడలో టోనీ అవర్స్‌లర్ ‘బ్రెయిన్‌కాస్ట్’ ఉంది. గూళ్ళలో గుండ్రటి రూపాల మీద మాట్లాడే ముఖాలు ప్రొజెక్ట్ అవుతాయి. ఎస్కలేటర్ ఆగదు, మీరూ ఆగలేరు. పట్టుమని పది మాటలు వినకముందే దాటిపోతారు. నేల, ఇది, పైన వచ్చే స్క్రీన్లు, ఈ మూడింట్లో మాకు నచ్చనిది ఇదే. ముఖం వింతగా ఉంది నిజమే, కానీ ఏ మాల్‌లో పెట్టినా ఇలాగే ఉంటుంది. పిల్లలకి మాత్రం ఇదే గుర్తుంటుంది.

అయిదో అంతస్తులో సమాచారం అడిగే బల్ల వెనక, ఎత్తులో, ఆరు స్క్రీన్లు వరుసగా ఉంటాయి. జార్జ్ లెగ్రాడీ 2005లో పెట్టిన ‘మేకింగ్ విజిబుల్ ది ఇన్విజిబుల్’ ఇది. లైబ్రరీ కంప్యూటర్లు గంటకోసారి ఏయే పుస్తకాలు, డీవీడీలు బయటికి వెళ్ళాయో చెబుతాయి. తీసుకున్నవాళ్ళ పేర్లు అందులోకి రావు. ఆ జాబితాని ప్రోగ్రామ్ నాలుగు రకాల బొమ్మలుగా చూపిస్తుంది. మొదటిది ఉత్త లెక్క: ఎన్ని వెళ్ళాయి, అందులో పుస్తకాలెన్ని, మిగతావెన్ని. రెండోది పేర్లు తేలుతూ పోవడం. మూడోదాంట్లో పేర్లు చినుకుల్లా రాలతాయి. నాలుగోది అసలైంది. పేర్లలోని మాటల్ని డ్యూయీ నంబర్లకి, అంటే లైబ్రరీలో పుస్తకాలని విషయాలవారీగా సర్దే అంకెలకి, గీతలతో కలిపి మ్యాపు గీస్తుంది. ఒకే మాట వంటల నంబరు 641.5కీ, చరిత్ర ఉండే 900లకీ గీత లాగడం కనిపిస్తే, ఊరు ఆ పూట ఏం చదువుతోందో తెలుస్తుంది.

ఇక్కడ జనం చేసే తప్పు, ఒక బొమ్మ చూసి కదలడం. నాలుగూ తిరిగొచ్చేదాకా నిలబడాలి. బల్ల ముందు నిలబడితే మెడ నొప్పి తప్ప అక్షరం అందదు. నాలుగడుగులు వెనక్కి వచ్చి చూడండి. చూస్తున్నది ఈ క్షణం అనుకోకండి, కొంచెం వెనకటి సంగతి. స్క్రీన్లు నల్లగా ఉంటే బల్ల దగ్గర అడగండి. వీడియో కళకి ఉన్న జబ్బే అది: చెక్క నేల ఇరవై ఏళ్ళకి అరుగుతుంది, కంప్యూటర్ అంతకన్నా ముందే పాతబడుతుంది. నేల, ఈ స్క్రీన్లు, రెండూ లైబ్రరీ సరుకుతోనే చేసినవి, ఒకటి పుస్తకం మొదలు, ఇంకోటి పుస్తకం ప్రయాణం. అందుకే ఇవి ఇంకెక్కడికి మార్చినా చచ్చుబడతాయి.

ఇందాకటి పచ్చటి ఎస్కలేటర్ నాలుగో అంతస్తుని వదిలేస్తుంది. అక్కడ గోడ, కప్పు, నేల అన్నీ ఎరుపు రంగు వంపులు. కళాకృతి అని ఎవరూ పేరు పెట్టలేదు గానీ మెట్ల మీద వెళ్ళి అయిదు నిమిషాలు తిరగండి. దారి తప్పడం ఈ భవనంలో మామూలే, కిందికి రావాలంటే లిఫ్ట్ వెతుక్కోవడం మేలు.

మొత్తానికి గంటన్నర చాలు, అందులో ముప్పావుగంట నేలకే ఇవ్వండి. టైమింగ్స్ వారాన్ని బట్టి మారతాయి, లైబ్రరీ సైట్‌లో చూసి బయల్దేరండి. కిందే పార్కింగ్ ఉంది, డబ్బు కట్టాలి. లైట్ రైల్ అయితే పయనీర్ స్క్వేర్‌లో గానీ, మునుపు యూనివర్సిటీ స్ట్రీట్ అనే సింఫనీ స్టేషన్‌లో గానీ దిగొచ్చు. తీరిక మిగిలితే ఆరు నుంచి తొమ్మిది వరకు మెట్లు లేకుండా వాలుగా చుట్టు తిరిగే పుస్తకాల దారి పట్టండి. నేల మీద చాపల్లా పరిచిన డ్యూయీ నంబర్లు చూసుకుంటూ ఎక్కాలి. 494.827 తెలుగు భాష, 894.827 తెలుగు సాహిత్యం. ఆ నంబరు ఎదురుగా ఏముందో మీరే చూడండి.