నీళ్లు కొట్టడం వచ్చు, టైమే తెలీదు: మా ఊసరవెల్లి మిస్టింగ్ మెషిన్ సంగతి

ఊసరవెల్లి కేజ్‌లో టైము ప్రకారం దానంతటదే నీళ్ల తుంపర కొట్టే ఈ మెషిన్ మీద నాకున్న కోపమంతా టైమర్ మీదే. పంపు మంచిది, నాజిళ్లు మంచివి, చప్పుడు లేదు, ఎక్కడా కారలేదు. కానీ కరెంటు ఒక్క క్షణం పోయి వచ్చిందంటే చాలు, దీని గడియారం అర్ధరాత్రి 12:00కి వెళ్లిపోతుంది. ఏ టైముకి ఎంతసేపు నీళ్లు కొట్టాలో మనం పెట్టిన ప్రోగ్రాం మాత్రం చెక్కుచెదరదు. అసలు ఇబ్బంది అక్కడే వచ్చింది. రెండూ పోతే మెషిన్ ఆగిపోతుంది, ఆగిందని మనకీ తెలుస్తుంది. ఇదలా కాదు. చక్కగా పనిచేస్తూనే ఉంటుంది, కాకపోతే రాత్రి చేయాల్సిన పని మిట్టమధ్యాహ్నం చేస్తుంది.

కొని రెండేళ్లు దాటింది. మా ఇంట్లో ఉన్నది ఒక్క ఊసరవెల్లే. వెయిల్డ్ అనే జాతిది, పెద్ద మగది. నాలుగు వైపులా జాలీ ఉన్న కేజ్, లోపల నిజం మొక్కలు. ట్యాంకులో ఎన్ని లీటర్లు పడతాయి, పంపు ప్రెషర్ ఎంత లాంటివన్నీ డబ్బా మీదే ఉంటాయి కాబట్టి వదిలేస్తున్నాను.

మంచి కూడా చెప్పాలి, ఎందుకంటే అది నిజంగానే ఉంది. ఊసరవెల్లులు సాధారణంగా గిన్నెలో నిలిచిన నీళ్లని పట్టించుకోవు. ఆకుల మీద మెరిసే చుక్కలనే నాకి తాగుతాయి. చేత్తో స్ప్రే బాటిల్ పట్టుకుని కొట్టే రోజుల్లో నేను కేజ్ తలుపు తీయగానే మావాడు ఒళ్లు నల్లగా చేసుకుని కొమ్మ వెనక్కి జరిగిపోయేవాడు. తాగడం మాట దేవుడెరుగు, వాడికి టెన్షన్ పెట్టడమే మిగిలేది. మెషిన్ వచ్చాక ఆ గొడవ పోయింది. తుంపర మొదలైన కాసేపు కళ్లు మూసుకుని కదలకుండా కూర్చుంటాడు. తర్వాత ఒక కన్ను ఉబ్బుతుంది. ఆ గుండ్రటి రెప్ప మొత్తం ముందుకి పొడుచుకొచ్చి, అటూ ఇటూ తిరిగి, లోపల చేరిన నలకని అంచు దాకా తోసేస్తుంది. ఆ వైపు మొహాన్ని కొమ్మకేసి ఒకసారి రుద్దుకుని, రెండో కన్ను మొదలుపెడతాడు. మొదటిసారి చూసేవాళ్లకి కంగారు పుడుతుంది గానీ అది జబ్బు కాదు, కళ్లు కడుక్కోవడం. దానికి కనీసం రెండు నిమిషాల తుంపర కావాలి. స్ప్రే బాటిల్‌తో నాలుగు పిచికార్లు కొడితే జరిగే పని కాదు.

రెట్టలో కూడా తేడా కనిపించింది. తెల్లగా ఉండాల్సిన యూరేట్ ముద్ద (వీటి మూత్రం గట్టిపడి వచ్చేది) అంతకుముందు పసుపుగా, ఒక్కోసారి నారింజ రంగులో వచ్చేది. ఒంట్లో నీళ్లు చాలట్లేదని దానర్థం. మెషిన్ పెట్టిన కొన్నాళ్లకి తెల్లబడింది. చాన్నాళ్లు నీళ్లు చాలకపోతే ఊసరవెల్లుల మూత్రపిండాలు దెబ్బతింటాయి కాబట్టి నా దృష్టిలో ఇది చిన్న మార్పేమీ కాదు.

ఇక రాత్రి సంగతి. నేను ఈ మెషిన్ కొన్నదే రాత్రి కోసం. వెయిల్డ్ ఊసరవెల్లుల సొంత నేల యెమెన్, సౌదీ అరేబియా. ఎడారి దేశాలు కదా అని పొడిగా ఉంచితే చాలనుకుంటారు చాలామంది. కానీ అక్కడి కొండ ప్రాంతాల్లో రాత్రిళ్లు చల్లబడి, మంచూ తేమా దిగుతాయి. పగలు మళ్లీ ఆరిపోతుంది. కేజ్‌లో కూడా అదే వరస పెట్టాలని నేను పగలు తేమ 40, 50 శాతం దగ్గర ఉంచి, రాత్రి 80 దాటిస్తాను. అందుకే నా ప్రోగ్రాం అంతా లైట్లు ఆరాకే: రాత్రి తొమ్మిదికి, ఒంటిగంటకి, తెల్లవారుజామున ఐదున్నరకి, ప్రతిసారీ ఐదేసి నిమిషాలు. పగలు ఆకులు తడపడానికి చుక్కచుక్కగా నీళ్లు వదిలే డ్రిప్పర్ వేరే ఉంది.

నేను వారం రోజులు ఊళ్లో లేనప్పుడు ఈ లెక్క తలకిందులైంది. కీచురాళ్లు వేయడానికి, ట్యాంకు నింపడానికి మా తమ్ముడు రోజూ వచ్చి వెళ్లేవాడు. రెండో రోజు ఉదయం పదకొండింటికి కరెంటు పోయి వెంటనే వచ్చింది. మెషిన్ దాన్ని అర్ధరాత్రి అనుకుంది. దాంతో ఒంటిగంట తుంపర మధ్యాహ్నం పన్నెండుకి, ఐదున్నర తుంపర సాయంత్రం నాలుగున్నరకి, రాత్రి తొమ్మిదిది మర్నాడు పొద్దున ఎనిమిదికి పడ్డాయి. మూడూ లైట్లు వెలిగే వేళే. రాత్రంతా మాత్రం చుక్క లేదు.

వాడికి ఫోన్ చేస్తే, "అక్కా, మెషిన్ బ్రహ్మాండంగా కొడుతోంది, నేనున్నప్పుడే కొట్టింది, చూశా" అన్నాడు. వాడు వచ్చేది మధ్యాహ్నం అన్నం టైముకి. నా ప్రోగ్రాం ఏంటో వాడికి తెలియాల్సిన పని లేదు, నీళ్లు పడుతున్నాయా లేదా అన్నదే చూశాడు. పాపం వాణ్ణి అనడానికేం లేదు.

నిజానికి పగలు నాలుగు చినుకులు పడినంత మాత్రాన ఊసరవెల్లికి ఏమీ కాదు. ఎంతోమంది పగలే కొడతారు. మా దగ్గర కొంప ముంచింది బాస్కింగ్ బల్బు, అంటే ఊసరవెల్లి వెచ్చదనం కోసం పెట్టే వేడి బల్బు. ఒక నాజిల్ పైనున్న జాలీకి దగ్గరగా ఉంటుంది. రాత్రి బల్బు ఆరి ఉంటుంది కాబట్టి దాని మీద తుంపర పడినా బాధ లేదు. మధ్యాహ్నం కాలుతున్న గాజు మీద చల్లటి నీళ్లు పడేసరికి టప్పున పగిలింది. తమ్ముడు గాజు ముక్కలు ఏరేశాడు. అలాంటి బల్బు వెంటనే దొరకలేదు. "పొడుగు ట్యూబు వెలుగుతోందిగా అక్కా" అన్నాడు. అది యూవీబీ ట్యూబు, అంటే ఎండలోని అతినీలలోహిత కిరణాల కోసం పెట్టేది, వెలుతురే తప్ప దాన్నుంచి వచ్చే వెచ్చదనం లెక్కలోకి రాదు. వెచ్చగా 30 డిగ్రీలు ఉండాల్సిన కొమ్మ గది వేడికే పరిమితమైపోయింది. ఇల్లు మూసేసి ఉంది, గాలి ఆడదు. ఇలా తడీ చలీ కలిసి పగలంతా నడిచింది. ఊసరవెల్లికి ఇంతకంటే పాడు పరిస్థితి నాకు తట్టట్లేదు.

తిరిగొచ్చేసరికి మావాడు కింద కొమ్మ మీద, పట్టపగలు కళ్లు మూసుకుని ఉన్నాడు. ఊసరవెల్లి పగలు కళ్లు మూసిందంటే ఊరికే కునుకు తీస్తోందని సరిపెట్టుకోకూడదు. చెవి దగ్గర పెడితే ఊపిరిలో చిన్నగా టిక్ టిక్ మని శబ్దం. మూతి పైకెత్తి ఊపిరి తీస్తున్నాడు. తేమ కొలిచే హైగ్రోమీటర్‌లో దాచిన రీడింగులు ఫోన్‌లో తెరిచి చూస్తే అంతా అర్థమైంది: గ్రాఫ్‌లో రాత్రి ఉండాల్సిన గుట్టలు మూడూ పగటి వైపుకి జరిగి ఉన్నాయి. మెషిన్ తెర మీద టైము సరిగ్గా పదకొండు గంటలు వెనక ఉంది.

సరీసృపాలు చూసే వెటర్నరీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఎక్స్‌రే తీసి, నోట్లోంచి శాంపిల్ తీసుకుని కల్చర్‌కి పంపారు. ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్. ఈ జీవులకి మనలా దగ్గి కఫం బయటికి తోసే శక్తి ఉండదు, అందుకే చిన్న ఇన్ఫెక్షన్ కూడా లోపలే ముదురుతుందట. వారాల తరబడి యాంటీబయాటిక్. కొన్ని యాంటీబయాటిక్‌లు మూత్రపిండాల మీద భారం వేస్తాయి కాబట్టి మందు నడిచినన్నాళ్లు ఒంట్లో నీళ్లు తగ్గనివ్వొద్దన్నారు. అంటే మళ్లీ ఈ మెషిన్ మీదే ఆధారపడాలి! జబ్బుకి కారణం మెషినేనా అని అడిగాను. ఊసరవెల్లులు జబ్బుని చాలాకాలం దాచుకుంటాయి, ముందే లోపల ఉన్నది చలికి బయటపడి ఉండొచ్చు, గట్టిగా చెప్పలేం అన్నారు. సరే, నేనూ గట్టిగా చెప్పను. కోలుకున్నాడు, ఇప్పుడు బాగున్నాడు.

తర్వాత దీనికి విరుగుడు వెతకడం ఇంకో కథ. ప్లగ్గుకి పెట్టే మామూలు మెకానికల్ టైమర్ అయితే కరెంటు పోయినంతసేపే వెనకబడుతుంది. కానీ దాంట్లో గడులు పదిహేనేసి నిమిషాలవి. పదిహేను నిమిషాలు కొడితే కేజ్ చెరువే. సెకన్లు కూడా పెట్టుకోగలిగే, లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్ తెచ్చాను. అది ఠంచనుగా కరెంటు ఇచ్చింది, మెషిన్ మాత్రం లేవలేదు. చూస్తే, బయటి నుంచి కరెంటు వచ్చినప్పుడు ఇది తన గడియారం మొదలుపెట్టి కూర్చుంటుంది తప్ప పంపు వేయదు. పంపు తిరగాలంటే దాని ప్రోగ్రామే పిలవాలి, లేదా ఎవరైనా బటన్ నొక్కాలి. కంపెనీకి రాస్తే ఇది లోపం కాదు, డిజైనే అంత అని జవాబు. గోడ గడియారంలో వాడే చిన్న సెల్ ఒకటి లోపల పెట్టి ఉంటే ఈ రామాయణం అంతా ఉండేది కాదు. చివరికి చిన్న యూపీఎస్ తగిలించాను. పంపు తినే కరెంటు తక్కువ కాబట్టి గంటల తరబడి లాగుతుంది. కరెంటు పోయినప్పుడల్లా అది కీచుమని అరుస్తుంది. ఊసరవెల్లికి బయటి చెవి ఉండదు, అంత సన్నటి శబ్దం దాని లెక్కలోకి రాదు. నిద్ర చెడేది నాకే. నాజిల్‌ని కూడా బల్బుకి ఎదురు వైపు తిప్పాను.

పైన చప్పుడు లేదన్నాను కదా. పంపు కింద రబ్బరు ముక్క వేసి, కేజ్‌కి తగలకుండా పెట్టినంతకాలమే ఆ మాట. కేజ్‌కి ఆనిందంటే ఆ అదురు కొమ్మల దాకా పాకుతుంది, ఊసరవెల్లి చెవితో వినకపోయినా కాళ్లతో పసిగడుతుంది. పైగా ఈ నిశ్శబ్దం వల్ల ట్యాంకు ఖాళీ అయి పంపు ఉత్తిదే తిరుగుతున్నా పక్క గదిలోకి తెలియదు. కారడం లేదన్నది కూడా పైపు అతుకుల వరకే నిజం. తుంపర ఆగాక నాజిళ్ల నుంచి కాసేపు బొట్లు పడుతూనే ఉంటాయి, అవి ఎప్పుడూ ఒకే చోట పడి అక్కడి మట్టి పాచి పడుతుంది. నాజిళ్లకి ఆర్వో నీళ్లో డిస్టిల్డ్ నీళ్లో వాడాలి, లేకపోతే సున్నం పేరుకుని తుంపర కాస్తా ధార అవుతుంది. వెనిగర్‌లో నానబెడితే తేరుకుంటాయి. ట్యాంకు అడుగున వేలితో రాస్తే జిగురు తగిలిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. ఆ నీళ్లే తుంపరై వాడి ఊపిరిలోకి వెళ్తాయి కాబట్టి నేను జిగురు పట్టేదాకా ఆగను, వారం వారం తోమేస్తాను. ఆటోమేటిక్ అన్న పేరు చూసి పని తగ్గుతుందనుకుంటే ఆశాభంగమే.

మరి కొనమంటారా అంటే, ఎవరింటి పరిస్థితి వాళ్లది. కరెంటు పోని ఇల్లయితే ఈ గోలంతా మీకు వర్తించదు, హాయిగా వాడుకోవచ్చు. రోజంతా ఇంట్లో ఉండేవాళ్లు, రాత్రి తేమకి ఫాగర్ (పొగమంచులా తేమ వదిలే మెషిన్) ఇప్పటికే ఉన్నవాళ్లు మంచి చేతి పంపు స్ప్రేయర్‌తో ఓపిగ్గా రెండు మూడు నిమిషాలు కొట్టగలిగితే ఇది లేకపోయినా నడుస్తుంది. గాజు కేజ్‌లో పెట్టేవాళ్ల సంగతి నేను చెప్పలేను, అక్కడ తడి ఆరే తీరే వేరు. నేను ఊళ్లు తిరిగే మనిషిని, నాది జాలీ కేజ్, తెల్లవారుజామున లేచి నీళ్లు కొట్టే ఓపిక నాకు లేదు. అందుకే ఇంత తిట్టుకుంటూ కూడా దీన్నే వాడుతున్నాను. ఐదుకి మూడు ఇస్తాను. యూపీఎస్‌ ఖర్చు దీని ఖరీదులో కలిపి చూసుకుంటే రెండున్నర.