అమెరికాలో మొదటి కారు లోన్ తీసుకుంటున్నారా? "నెలకెంత కట్టగలరు" అనే డీలర్‌తో జాగ్రత్త

కొత్తగా అమెరికా వచ్చి, క్రెడిట్ హిస్టరీ (ఇంతకుముందు అప్పులు తీర్చిన రికార్డు) లేకుండా కారు కొనబోతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పేరు రాయను కానీ, ఒక యూజ్డ్ కార్ల డీలర్ దగ్గర నాకు జరిగిన సంగతి.

వడ్డీ ఎంతని ఎన్నిసార్లు అడిగినా సేల్స్‌మన్ నోట ఒకటే మాట: "నెలకెంత కట్టగలరు?" అందులో ఉన్న కిటుకు చూడండి. 20,000 డాలర్ల లోన్ 9 శాతం వడ్డీకి 60 నెలలైతే వాయిదా సుమారు 415 డాలర్లు. అదే 18 శాతానికి 84 నెలలైతే సుమారు 420. ఐదు డాలర్లే కదా అనిపిస్తుంది. చివరికి కట్టేది మాత్రం దాదాపు 10,400 డాలర్లు ఎక్కువ! పైగా బ్యాంకు ఇచ్చిన రేటు మీద డీలర్ తన లాభం కలుపుకోవచ్చు. అది బేరమాడితే తగ్గేదే, కానీ వాళ్లు చెప్పరు. "క్రెడిట్ లేనివాళ్లకి మేం తప్ప ఎవరూ ఇవ్వరు" అని మాత్రం నవ్వుతూ భయపెడతారు.

కారు ఇంటికి తెచ్చుకున్నాక అసలు నాటకం మొదలైంది. "మీ లోన్ అప్రూవ్ కాలేదు, వచ్చి మళ్లీ సంతకం పెట్టండి" అని ఫోన్. కొత్త కాగితాల్లో రేటు పెరిగింది, అడగని ఎక్స్‌టెండెడ్ వారంటీ, గ్యాప్ ఇన్సూరెన్స్ (కారు పూర్తిగా పాడైనా, పోయినా, బీమా డబ్బుకీ మిగిలిన లోన్‌కీ మధ్య తేడా కట్టేది) వచ్చి చేరాయి. దీన్ని ఇక్కడ యో-యో ఫైనాన్సింగ్ అంటారు. సంతకం పెట్టనంటే వీసాకి ఇబ్బంది అన్నాడు సేల్స్‌మన్. ఒట్టి బెదిరింపు. కారు లోన్ సివిల్ వ్యవహారం, వీసా డీలర్ చేతిలో ఉండదు. తాళాలు ఇచ్చేసి డౌన్ పేమెంట్ వెనక్కి తీసుకున్నాను, దానికీ బాగా తిప్పించుకున్నారు.

1968 నాటి ట్రూత్ ఇన్ లెండింగ్ చట్టం ప్రకారం ఏపీఆర్ (ఫీజులతో కలిపి ఏడాదికి పడే వడ్డీ శాతం), ఫైనాన్స్ ఛార్జ్ (అప్పుకి డాలర్లలో అయ్యే మొత్తం ఖర్చు), మొత్తం చెల్లింపులు ముందే కాగితం మీద చూపించాలి. ఆ గళ్లు ఖాళీగా ఉంటే పెన్ను ముట్టుకోకండి. మూడు రోజుల్లో రద్దు చేసుకోవచ్చని చాలామంది అనుకుంటారు. డీలర్ షాపులో కొన్న కారుకి ఫెడరల్ చట్టంలో అలాంటి హక్కు లేదు.

షాపుకి వెళ్లకముందే క్రెడిట్ యూనియన్‌లో (సభ్యులే యజమానులైన, బ్యాంకులాంటి సహకార సంస్థ) ప్రీ-అప్రూవల్, అంటే లోన్ ఎంత, ఏ రేటుకి ఇస్తారో ముందస్తు మాట, అడగండి. ఫెడరల్ క్రెడిట్ యూనియన్లు కారు లోన్ మీద 18 శాతం దాటి వేయకూడదు. నాలుగు చోట్ల అడిగితే క్రెడిట్ స్కోరు పడిపోతుందని టెన్షన్ వద్దు, 14 రోజుల్లోపు చేసిన కారు లోన్ ఎంక్వైరీలు (లోన్ ఇచ్చేవాళ్లు మీ క్రెడిట్ రికార్డు చూడటం) స్కోరులో ఒకటిగానే లెక్కపడతాయి.

డౌన్ పేమెంట్ కోసం పేడే లోన్ (జీతం వచ్చేదాకా తీసుకునే చిన్న అప్పు) జోలికి మాత్రం వెళ్లకండి. రెండు వారాలకి వందకి 15 డాలర్లంటే ఏడాదికి దాదాపు 400 శాతం.