జర్మన్ బీరు: ఏది క్యానులో కొనాలి, ఏది సీసాలోనే తాగాలి

పిల్స్ అంటే లేత రంగు చేదు బీరు, ఆ రకానికి చెందిన యేవర్ పిల్స్‌తో మొదలుపెట్టాలి. క్యాను అంటే చిన్నచూపు ఉన్నవాళ్ల వాదన ఈ బీరు దగ్గరే తలకిందులవుతుంది. ఉత్తర జర్మనీలోని యేవర్ పట్టణంలో తయారయ్యే ఈ పిల్స్‌లో ఆల్కహాలు 4.9 శాతం. చేదు గట్టిగా, తీపి జాడ లేకుండా ఉంటుంది. మింగాక కూడా నాలుక వెనక చాలాసేపు నిలుస్తుంది. దాని గుర్తు పచ్చ సీసా, చిక్కు కూడా అక్కడే. బీరులో సహజంగా ఉండే రైబోఫ్లేవిన్ (బి2 విటమిన్) వెలుతురు తగలగానే హాప్స్ (బీరుకు చేదును, వాసనను ఇచ్చే పూలు) నుంచి వచ్చిన చేదు పదార్థాలను విరగ్గొడుతుంది. ఆ ముక్కలు గంధకంతో కలిసి ఘాటైన దుర్వాసన పుడుతుంది. గోధుమరంగు గాజు ఆ హానికర వెలుతురును చాలావరకు ఆపుతుంది, పచ్చ గాజు ఆపలేదు. ఎండలో అయితే కొన్ని నిమిషాలు చాలు. హాప్స్ ఎంత ఎక్కువైతే నష్టమూ అంత ఎక్కువ, యేవర్‌లో హాప్స్‌కు కొదవ లేదు. అల్యూమినియంలోకి వెలుతురు చొరబడదు. కాబట్టి ఈ బీరుకు మా ఓటు నిస్సందేహంగా క్యానుకే. సీసాయే కావాలనుకుంటే, దుకాణం అరలో దీపం కింద నిలబెట్టినది వద్దు, మూసిన పెట్టెలోంచి తీసుకోండి.

క్యాను బీరుకు లోహపు రుచి వస్తుందనే ఫిర్యాదు ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. క్యాను లోపలి గోడకు పలుచని పూత ఉంటుంది, బీరు లోహాన్ని తాకదు. నేరుగా క్యానుతో తాగేటప్పుడు పెదవికి, ముక్కుకు తగిలే మూత అంచు వల్లే ఆ రుచి వచ్చినట్టు అనిపిస్తుంది. పూత గురించిన ఆందోళనలో మాత్రం పస ఉంది. చాలాకాలం పాటు అందులో వాడిన ఎపాక్సీ అనే ప్లాస్టిక్ లాంటి పదార్థం తయారీకి, హార్మోన్ల మీద ప్రభావం చూపే బిస్‌ఫినాల్-ఎ అనే రసాయనం కావలసివచ్చేది. ఆహారాన్ని తాకే వస్తువుల్లో దాన్ని నిషేధిస్తూ యూరోపియన్ యూనియన్ 2024 డిసెంబరులో నిర్ణయం తీసుకుని, పరిశ్రమ మారడానికి గడువిచ్చింది.

అసలు నష్టం క్యానుతోనే తాగేయడం వల్ల వస్తుంది. ఆ చిన్న సందులోంచి వాసన ముక్కుకు అందదు, గ్యాసంతా బీరులోనే ఉండిపోయి కడుపు ఉబ్బుతుంది. బిట్‌బుర్గర్ లాంటి తేలికపాటి పిల్స్‌కు (4.8 శాతం) ప్రాణమంతా ఆ సన్నని హాప్స్ వాసనే. అది పోతే మిగిలేది చల్లటి చేదు నీళ్లే. జిడ్డు, సబ్బు జాడ లేని గ్లాసును చల్లటి నీళ్లతో జాడించి, తుడవకుండా వాడండి. బీరు 7, 8 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలి. గ్లాసును 45 డిగ్రీలు వంచి పక్కగోడ మీదుగా పోయాలి. ఇక్కడ క్యానుతో ఒక ఇబ్బంది ఉంది. ఒక్కసారిగా వంచేస్తే మూత సందు మొత్తం బీరుతో నిండి, గాలి లోపలికి వెళ్లే దారి మూసుకుపోతుంది. బీరు గబుక్కు గబుక్కుమని పడుతుంది, పెద్ద బుడగల నురగ లేచి వెంటనే కూలిపోతుంది. సందు పైభాగంలో గాలికి చోటుంచి, సన్నటి ధారగా పోయాలి. మూడింట రెండు వంతులు నిండాక గ్లాసు నిలబెట్టి, ఒక నిమిషం ఆగి, మిగతాది నడిమధ్యన పోసి నురగ కట్టాలి. మంచి పిల్స్ పోయడానికి ఏడు నిమిషాలు పట్టాలన్నది జర్మనీలో పాత మాట. మూడు నిమిషాలు చాలు, అంతకు మించితే బీరు వేడెక్కి చప్పబడుతుంది.

వెలుతురు తర్వాతి శత్రువు ఆక్సిజన్. సీసా మూత లోపలి ప్లాస్టిక్ పొర గుండా నెలల తరబడి కొద్దికొద్దిగా గాలి లోపలికి వెళుతూనే ఉంటుంది. క్యాను అంచును మడతపెట్టి నొక్కిన అతుకులోంచి దాదాపు ఏమీ వెళ్లదు. అయితే క్యాను నోరు వెడల్పు కనుక నింపేటప్పుడే గాలి పడే ప్రమాదం ఎక్కువ. మూత వేసే క్షణంలో కార్బన్ డయాక్సైడ్ సరిగ్గా ఊదకపోతే ఆ బీరు రెండు మూడు నెలల్లోనే తడిసిన అట్టపెట్టె వాసన కొడుతుంది. మంచి యంత్రాలున్న పెద్ద బ్రూవరీల క్యాన్లను నమ్మవచ్చు. చేతి యంత్రంతో నింపే చిన్న బ్రూవరీల క్యాన్లు మాత్రం తయారైన కొన్ని వారాల్లోపే తాగేయాలి. ఏ ప్యాకింగ్ అయినా వేడిని తట్టుకోలేదు, గిడ్డంగిలో ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే బీరు ముసలితనం రెండు మూడు రెట్లు వేగంగా వస్తుంది. గడువు తేదీకి కనీసం నాలుగు నెలలు మిగిలిన పిల్స్‌నే కొనండి. అతుకు దగ్గర సొట్ట పడిన క్యాను ఎంత చవకైనా వద్దు.

ఇక వైస్‌బీర్. ఇక్కడ మా తీర్పు రెండుగా చీలుతుంది. ఈ గోధుమ బీరులో అరటిపండు వాసన, లవంగం ఘాటు రెండూ ఈస్ట్ పుణ్యమే, ఆ ఈస్ట్ అడుగున మడ్డిగా పేరుకుంటుంది. ఫ్రైజింగ్‌లోని వైహెన్‌స్టెఫాన్ వాళ్ల హెఫెవైస్‌బీర్ (5.4 శాతం) అర లీటరు క్యాన్లలోనూ వస్తుంది, బాగుంటుంది కూడా. మడ్డి కనిపించకపోవడం ఒక్కటే లోటు. చాలామంది క్యానును కదపకుండా తెరిచి పోసేస్తారు. మొదట తేటగా, ఆఖర్న ఒక్కసారిగా బురదలా వస్తుంది, రుచీ అలాగే రెండు ముక్కలవుతుంది. తెరవడానికి ముందు క్యానును బల్ల మీద పడుకోబెట్టి నెమ్మదిగా ఐదారుసార్లు దొర్లించి, ఒక నిమిషం నిలబెట్టండి. ఊపితే మాత్రం పొంగిపోతుంది. సీసాతో అయితే చివరి మూడు నాలుగు సెంటీమీటర్లు మిగిల్చి, గుండ్రంగా తిప్పి, ఆ మడ్డిని నురగ మీద పోయాలి. గ్లాసు పొడవుగా, నురగకు చోటుండేలా సుమారు 0.7 లీటర్లు పట్టాలి.

కెల్‌హైమ్‌లోని ష్నైడర్ వైసె (ఇదీ 5.4 శాతమే) కథ వేరు. సీసాలో నింపేటప్పుడు కొంచెం పులియని మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యం) రసం కలుపుతారు, సీసాలోనే మళ్లీ పులుస్తుంది. ఆ పులియబెట్టడంలో వచ్చే గ్యాసు సన్నగా, నురగ మీగడలా ఉంటుంది. ఈ పద్ధతికి మందపాటి గాజే నప్పుతుంది. పల్చటి క్యాను మోసే ఒత్తిడికి హద్దు ఉంది, ఈస్ట్ చురుకుదనంలో కొంచెం తేడా వచ్చినా క్యాను ఉబ్బుతుంది. ఇలాంటి బీరును సీసాలోనే కొనాలి.

కోల్ష్ అనే తేలికపాటి లేత రంగు బీరు సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. కొలోన్ నగరంలో దీన్ని 0.2 లీటర్ల సన్నని స్టాంగె గ్లాసులో, ఒకటి అయిపోగానే ఇంకొకటి తాజాగా పోస్తూ ఇస్తారు. అదే బీరును అర లీటరు క్యానులో తెచ్చి అలాంటి గ్లాసులో పోసుకుంటే మూడో గ్లాసుకు గ్యాసు పోతుంది, పలుచని క్యాను ఈలోగా వేడెక్కుతుంది. ఇద్దరు పంచుకుంటే తప్ప 0.33 లీటర్ల సీసాయే మేలు. డ్యూసెల్‌డార్ఫ్‌లోని యూరిగె ఆల్ట్ అనే ముదురు రాగి రంగు బీరు (4.7 శాతం) తీగ కట్టిన పింగాణీ మూత సీసాలో వస్తుంది. ఆ మూత రబ్బరు గాలిని ఇంకాస్త ఎక్కువగా రానిస్తుంది కాబట్టి నిల్వ పెట్టకూడదు. ఆ గట్టి చేదు తాజాగా ఉన్నప్పుడే అద్భుతం.

జర్మనీలో క్యాను మీద ఉన్న అసలు తగువు రుచి గురించి కాదు. 1516 నాటి బవేరియా చట్టం బార్లీ, హాప్స్, నీరు తప్ప ఇంకేమీ కలపొద్దన్నదే గానీ, దేనిలో నింపాలో చెప్పలేదు. తగువంతా డిపాజిట్ చుట్టూ, అంటే కొనేటప్పుడు అదనంగా కట్టి ఖాళీది తిరిగిస్తే వెనక్కి వచ్చే డబ్బు చుట్టూ తిరుగుతుంది. 2003 జనవరి 1 నుంచి క్యానుకు 25 సెంట్ల డిపాజిట్ తప్పనిసరి అయ్యాక దుకాణాల అరల్లోంచి క్యాన్లు దాదాపు మాయమయ్యాయి, మెల్లగా తిరిగివచ్చాయి. మళ్లీ నింపే మామూలు బీరు సీసాకు 8 సెంట్లు, పింగాణీ మూత సీసాకు 15, ప్లాస్టిక్ క్రేటుకు 1.50 యూరోలు. అంటే ఇరవై అర లీటరు సీసాల క్రేటుకు 3.10 యూరోలు అదనంగా కట్టి, తర్వాత వెనక్కి తీసుకుంటారు. క్యాన్లను నలిపితే మాత్రం డబ్బు పోయినట్టే. యంత్రం బార్‌కోడ్‌ను, డిపాజిట్ ముద్రను చదవలేక తిప్పి పంపుతుంది.

బ్రూవరీ దగ్గర్లోనే ఉంటే ఎన్నోసార్లు కడిగి నింపే గాజు సీసాను మించినది లేదు. ఈ విషయంలో పర్యావరణవాదులతో పూర్తిగా ఏకీభవిస్తాం. అందరూ వాడే ఒకే ఆకారపు సీసా అయితే ఇంకా మంచిది. బ్రూవరీ పేరు గాజులోనే పోతపోసిన ప్రత్యేక సీసాలను ఏరి, సొంతవాళ్లకే లారీల్లో తిప్పి పంపాలి, అక్కడ లాభం కరిగిపోతుంది. దూరం పెరిగితే బరువూ లెక్కలోకి వస్తుంది: ఖాళీ సీసా ఒక్కటే సుమారు 380 గ్రాములు, అర లీటరు క్యాను ఓ పదిహేను గ్రాములు. మ్యూనిక్‌లో ఉండి ఆ ఊరి ఆగస్టినర్ హెల్ అనే లేత రంగు బీరు (5.2 శాతం) తాగేవారికి ఈ లెక్కతో పనే లేదు. అది క్యానులో రాదు, రానక్కర్లేదు కూడా. మెత్తటి మాల్ట్ తీపి, దాదాపు కనిపించని చేదు, గోధుమరంగు పొట్టి సీసా. క్రేటు కొని, తాగి, వెనక్కి ఇచ్చేయడమే. అదే హెల్ రకం బీరు వందల కిలోమీటర్లు ప్రయాణించాల్సి వస్తే క్యానుదే పైచేయి.

పౌలానర్ సాల్వటార్ (7.9 శాతం) లాంటి డొప్పెల్‌బాక్ అనే ఘాటైన రకం బీరుకు ఈ గొడవ పట్టదు. హాప్స్ తక్కువ, మాల్ట్ బలం ఎక్కువ కనుక వెలుతురు దెబ్బ తక్కువ. కొద్దిపాటి గాలి తగిలినా ఎండు ద్రాక్ష లాంటి రుచి వస్తుందే తప్ప చెడదు. సీసాలోనే కొని, చీకట్లో ఆరు నెలలు ఉంచి, 10 నుంచి 12 డిగ్రీల దగ్గర తాగండి. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే పోస్తే మాల్ట్ వాసన తెరుచుకోదు, ఇరవై నిమిషాలు బయట పెట్టాలి.